పార్టీలో నాలుగో కుర్చీ: లైఫ్ క్లెరిక్‌తో చాలాకాలం

పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే గుంపులో చివర చేరేవాడికి ఎంచుకునే స్వేచ్ఛ తక్కువ. మిగతావాళ్లు తమకు నచ్చిన క్లాసులు (పాత్ర రకాలు) అప్పటికే తీసేసుకుని ఉంటారు. నేను చేరేసరికి మావాళ్లలో బార్బేరియన్ (మోటు యోధుడు), రోగ్ (దొంగ), విజార్డ్ (మంత్రగాడు) ఉన్నారు. "హీలర్ లేడు బ్రో, నువ్వు క్లెరిక్ తీసుకో" అన్నారు. దేవుడి శక్తితో మంత్రాలు వేసే ఆ పూజారి పాత్రని తీసుకున్నాను. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్‌తో, ఒకటో లెవెల్ నుంచి పది దాటేదాకా ఆ క్యారెక్టర్‌నే ఆడాను. డొమైన్ (క్లెరిక్ ఎంచుకునే ఉపశాఖ) లైఫ్. ఉచితంగా దొరికే బేసిక్ రూల్స్‌లో క్లెరిక్‌కి ఇచ్చిన డొమైన్ అదొక్కటే కాబట్టి పుస్తకం కొనే పని కూడా లేకపోయింది.

వాళ్లిచ్చిన సలహా మంచిదే. చెప్పిన కారణమే తప్పు.

లెక్క చూడండి. ఓగర్ అనే రాక్షసుడి దుడ్డుకర్ర దెబ్బ 2డీ8+4 (ఎనిమిది ముఖాల పాచికలు రెండు వేసి 4 కలపడం), సగటున 13. విజ్డమ్ (వివేకం) బోనస్ 3 ఉన్న క్లెరిక్, రోజుకి ఇన్నేనని ఉండే మంత్రాల వాటాలోని ఒకటో లెవెల్ స్లాట్‌తో గాయం మాన్పే క్యూర్ వూండ్స్ వేస్తే 1డీ8+3, సగటున ఏడున్నర. లైఫ్ డొమైన్ కలిపే 3 వేసుకున్నా పదిన్నరే. స్లాట్ పోయింది, నా టర్న్ పోయింది, ఓగర్ మాత్రం ఇంకా ముందే ఉన్నాడు. పైగా ఈ ఆటలో ఒక్క హిట్ పాయింట్ (ప్రాణం లెక్క) మిగిలినవాడు కూడా నిండుగా ఉన్నవాడంత గట్టిగానే కొడతాడు. అందుకే ఫైట్ మధ్యలో కాంపౌండర్‌లా కట్లు కడుతూ తిరిగితే పార్టీకి ఒరిగేదేమీ ఉండదు.

ఎవరైనా హిట్ పాయింట్లు అయిపోయి కింద పడినప్పుడు మాత్రం హీలింగ్ వర్డ్ అనే మంత్రం వేయాలి. అది బోనస్ యాక్షన్ (టర్న్‌లో అసలు పనికి అదనంగా చేసే చిన్న పని), 60 అడుగుల దూరం నుంచి పనిచేస్తుంది, లేచేది కొద్ది పాయింట్లతోనే అయినా లేస్తాడు. అసలు యాక్షన్ మిగిలే ఉంటుంది కనుక గదతో ఒక దెబ్బ వేయొచ్చు, లేదా క్యాంట్రిప్ (స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రం) వాడొచ్చు. అదే టర్న్‌లో ఇంకో స్లాట్ స్పెల్ వేయడానికి మాత్రం రూల్ ఒప్పుకోదు. పడ్డవాళ్లని కూడా వదలకుండా కొట్టే డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) అయితే ఈ పద్ధతితో టెన్షనే. స్పృహ లేనివాడికి అయిదడుగుల లోపు నుంచి తగిలే దెబ్బ క్రిటికల్ అవుతుంది, దాంతో ఒకేసారి రెండు డెత్ సేవ్‌లు (చావు తప్పించుకునే రోల్స్) పోతాయి. మూడోది పోతే మనిషి పోయినట్టే.

మరి మా పార్టీకి నిజంగా ఉన్న వెలితి ఏది? మా బార్బేరియన్‌కి విజ్డమ్ దాదాపు సున్నా. శత్రువుల్లో ఒక మంత్రగాడు విజ్డమ్‌తో ఎదుర్కోవాల్సిన హోల్డ్ పర్సన్ వేస్తే చాలు, మా బలమంతా బొమ్మలా నిలబడిపోయేది. ఆ వెలితిని పూడ్చింది హీలింగ్ కాదు, బ్లెస్. ముగ్గురికి, ప్రతి అటాక్ రోల్‌కీ, ప్రతి సేవింగ్ త్రోకీ (ఆపద తప్పించుకునే రోల్) ఒక డీ4 (నాలుగు ముఖాల పాచిక) కలుస్తుంది. వినడానికి చిన్నదే కానీ, ఒకటో లెవెల్ స్పెల్స్‌లో ఇంత కాలం పనికొచ్చింది నా చేతిలో ఇంకోటి లేదు.

అయిదో లెవెల్‌లో స్పిరిట్ గార్డియన్స్ వచ్చాక నా ఆట పూర్తిగా మారింది. నా చుట్టూ 15 అడుగుల మేర ఆత్మలు తిరుగుతుంటాయి. అందులో అడుగుపెట్టిన శత్రువుకి వేగం సగమవుతుంది, విజ్డమ్ సేవ్ ఓడితే 3డీ8 డ్యామేజ్, గెలిచినా సగం తప్పదు. అప్పటిదాకా వెనక నిలబడిన నేను చెయిన్ మెయిల్ (గొలుసు కవచం), డాలు వేసుకుని, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే శత్రువు అందుకోవాల్సిన అంకె) 18తో గుంపు మధ్యకి నడిచి వెళ్లడం మొదలుపెట్టాను. (అదే చెయిన్ మెయిల్ చప్పుడుకి మా రోగ్ వేసిన దొంగచాటు ప్లాన్లు ఎన్ని చెడ్డాయో వాడినే అడగాలి.)

చిక్కంతా కాన్సన్‌ట్రేషన్‌తోనే, అంటే మంత్రాన్ని నిలబెట్టే ఏకాగ్రతతోనే. బ్లెస్, స్పిరిట్ గార్డియన్స్ రెండూ ఒకేసారి నడవవు. చివరికి గైడెన్స్ అనే క్యాంట్రిప్‌కి కూడా కాన్సన్‌ట్రేషన్ కావాలి. దెబ్బ తగిలిన ప్రతిసారీ అది చెదరకుండా కాన్‌స్టిట్యూషన్ (శరీర దారుఢ్యం) సేవ్ వేయాలి, అందులో క్లెరిక్‌కి ప్రొఫిషియెన్సీ (నేర్పుకి దక్కే బోనస్) ఉండదు. ఇక డాలు ఒక చేతిలో, గద ఇంకో చేతిలో ఉంటే మంత్రానికి చెయ్యేది? డాలు మీద హోలీ సింబల్ (దేవుడి గుర్తు) చెక్కించుకుంటే బ్లెస్‌కి సరిపోతుంది, ఎందుకంటే దానికి మెటీరియల్ కాంపొనెంట్ (మంత్రానికి వాడే వస్తువు) ఉంది. క్యూర్ వూండ్స్‌కి అది లేదు కాబట్టి రూల్ ప్రకారం ఒక చెయ్యి ఖాళీ చేయాల్సిందే. మా డీఎం దీన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించేవాడు. నాలుగో లెవెల్‌లో వార్ క్యాస్టర్ అనే ఫీట్ (అదనపు నేర్పు) తీసుకుంటే ఈ రెండు తలనొప్పులకీ మందు దొరుకుతుంది. క్లెరిక్ ఆడేవాళ్లకి నేను మొదట చెప్పే మాట అదే.

అయిదో లెవెల్‌లో మూడో లెవెల్ స్లాట్లు ఉండేవి రెండే. చచ్చిపోయినవాణ్ణి నిమిషంలోపు బతికించే రివివిఫై కూడా ఆ స్లాట్‌నే అడుగుతుంది, పైగా 300 గోల్డ్ విలువైన వజ్రాన్ని మింగేస్తుంది. రెండో స్లాట్‌ని కూడా గార్డియన్స్‌కి ఖర్చుపెట్టాలా, దాచుకోవాలా అన్న ప్రశ్న మా టేబుల్ మీద తెగిన రోజు లేదు.

1974లో వచ్చిన మొదటి ఆటలో ఉన్నవి మూడే క్లాసులు, వాటిలో క్లెరిక్ ఒకటి. ఆట సృష్టికర్తల్లో ఒకరైన డేవ్ ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో ఒక ఆటగాడి వాంపైర్ క్యారెక్టర్ కొరకరాని కొయ్యగా మారితే, దానికి విరుగుడుగా పుట్టిందని చెబుతారు. లేచి తిరిగే శవాలని తరిమే టర్న్ అన్‌డెడ్ వాడిన ప్రతిసారీ ఆ పుట్టుక తెలుస్తుంది. అయిదో లెవెల్ చేరాక 30 అడుగుల లోపున్న అస్థిపంజరాలు, జాంబీలు సేవ్ ఓడితే అక్కడికక్కడే బూడిద. కథలో శవాలు లేవకపోతే మాత్రం ఈ శక్తి వృథా. అందుకే క్లాస్ ఎంచుకునేముందు కథ ఎటు వెళ్తుందో డీఎంని ఓ మాట అడగండి.

విసుగెత్తించినవీ ఉన్నాయి. సేక్రెడ్ ఫ్లేమ్ అనే క్యాంట్రిప్ శత్రువుకి తగలకపోతే ఆ టర్న్ మొత్తం దండగ. నాలుగో లెవెల్ స్పెల్స్ జాబితా చప్పగా ఉంటుంది. రోజూ మొత్తం జాబితాలోంచి స్పెల్స్ మార్చుకోవచ్చన్నది వరమే అయినా, నేను కాగితం తిరగేస్తుంటే మిగతావాళ్లు ఫోన్లు తీసేవారు. ఒక మామూలు జాబితా రాసిపెట్టుకుని, అవసరమైన రోజు రెండు మూడు మాత్రమే మార్చడం అలవాటయ్యాక ఆ గొడవ తీరింది.

మీ పార్టీలో మాటలతో పని సాధించేవాడు లేకపోతే క్లెరిక్ ఆ వెలితి తీర్చడు. అక్కడ బార్డ్ (పాటలతో మంత్రాలు వేసే గాయకుడు) కావాలి, హీలింగ్ వర్డ్ వాడి దగ్గరా ఉంటుంది. డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడు) దగ్గరా ఉంటుంది. పలాడిన్ (దైవ యోధుడు) అయితే చేతి స్పర్శతో మాన్పే లే ఆన్ హ్యాండ్స్‌లోంచి ఒక్కో పాయింట్ చొప్పున ఇస్తూ పడ్డవాళ్లని లేపగలడు. అంటే "హీలర్ లేడు" అన్న ఒక్క ముక్కకి నాలుగు జవాబులున్నాయి.

2024లో వచ్చిన కొత్త రూల్స్ పుస్తకంలో క్యూర్ వూండ్స్ 2డీ8 అయింది. పై లెక్కలోనే వేస్తే లైఫ్ బోనస్‌తో సగటు 15, ఓగర్ దెబ్బని దాటేసింది. డొమైన్ మాత్రం ఇప్పుడు మూడో లెవెల్‌లో వస్తుంది. గాల్లో తేలుతూ కొట్టే స్పిరిచువల్ వెపన్ మంత్రానికి కొత్తగా కాన్సన్‌ట్రేషన్ తగిలించారు, కాబట్టి గార్డియన్స్‌తో కలిపి వాడే నా పాత అలవాటు అక్కడ చెల్లదు. మావాళ్లు తర్వాతి ఆట ఆ రూల్స్‌తోనే అంటున్నారు. బార్బేరియన్ ఆడినవాడు ఈసారి క్లెరిక్ తనకే కావాలన్నాడు. నేను బార్డ్ రాసుకున్నాను.