మూస్తే బిగియని పాత ఒపినెల్ కట్టు: పదకొండేళ్ల వాడకం తర్వాత

నా దగ్గరున్న, ఫ్రాన్సుకు చెందిన ఒపినెల్ సంస్థ ఎనిమిదో నంబరు మడత చాకు 2000 సంవత్సరానికి ముందు తయారైనది. ఆ సంగతి చెప్పే తేదీ దాని మీద ఎక్కడా లేదు, పిడి మొదట్లో బ్లేడును బిగించడానికి తిరిగే ఉక్కు కట్టును తిప్పి చూస్తే తెలుస్తుంది. చాకు తెరిచి కట్టు తిప్పితే బ్లేడు గట్టిగా బిగుసుకుంటుంది. మూసి తిప్పితే మాత్రం ఆ కట్టు బ్లేడును పట్టుకోదు. 2000లో తయారీదారులు కట్టును సవరించి, తెరిచినా మూసినా బిగిసేలా చేశారు కాబట్టి ఆ పాత రకం ఇప్పుడు ఏ దుకాణంలోనూ కొత్తగా దొరకదు. పదకొండేళ్లుగా నేను ఆదివారం సంతల్లోనూ, ఇళ్లు ఖాళీ చేసేవారి పాత సామాన్ల అమ్మకాల్లోనూ వెతికి కొంటున్నవి ముఖ్యంగా ఈ పాత కట్టు చాకులే. ఇప్పటికి పద్నాలుగు పోగయ్యాయి. రోజూ వాడేది మాత్రం మొట్టమొదట నా చేతికి వచ్చిన ఈ ఒక్కటే కనుక దీని గురించే రాస్తున్నాను.

బ్లేడు పొడవు, ఉక్కు రకం అందరికీ తెలిసినవే. నన్ను కట్టిపడేసింది ఆ కట్టు. విరోబ్లాక్ అనే పేరుతో దాన్ని 1955లో మార్సెల్ ఒపినెల్ రూపొందించారు. 1890లో ఆల్ప్స్ కొండల్లోని సావ్వా ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ ఈ చాకును మొదలుపెట్టిన నాటి నుంచి అప్పటిదాకా, పిడి చీలికలో ఉండే రాపిడి తప్ప బ్లేడును ఆపేది మరొకటి లేదు. రోకలి కొసకు వేసినట్టే ఈ చాకు పిడి మొదట్లో కర్రను చుట్టి ఒక పొన్ను ఉంటుంది. బ్లేడు తిరిగే రివెట్టు దాని గుండా పోతుంది. ఆ పొన్ను మీద, నిలువునా చీలిక ఉన్న మరో ఉక్కు కట్టు తిరుగుతుంది. చీలిక బ్లేడుకు ఎదురుగా ఉన్నప్పుడు చాకు మడవవచ్చు. పక్కకు తిప్పితే కట్టు అంచు బ్లేడు మొదలుకు అడ్డం పడుతుంది. ఆ అంచు కాస్త ఏటవాలుగా ఉంటుంది. అందువల్ల ఏళ్ల తరబడి వాడి లోహం అరిగినా, కట్టు మరికొంచెం దూరం తిరిగి అంతే గట్టిగా బిగుస్తుంది. లోపల స్ప్రింగు అంటూ లేదు. బొటనవేలితో తిప్పినప్పుడు ఆ బిగువు చర్మానికి తెలిసే తీరు నాకు ఇప్పటికీ సంతోషం కలిగిస్తుంది. పదకొండేళ్లలో బిగించిన కట్టు ఒక్కసారి కూడా జారలేదు.

ఈ చాకును నాకు ఫ్రాన్సులో నేనుండే గ్రెనోబుల్ నగరంలో మా ఎదురింటి పెద్దాయన ఇచ్చారు. ఇచ్చే ముందు ఒక నాణెం అడిగారు. చాకును ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందని అక్కడి నమ్మకం. అయిదు సెంట్ల నాణెం చేతిలో పెట్టిన తర్వాతే ఆయన చాకు ఇచ్చి, భోజనాల బల్ల దగ్గర దాన్ని ఎలా వాడాలో, తర్వాత ఎలా తుడవాలో చెప్పారు. నీళ్లలో నానబెట్టవద్దని ఆయన రెండుసార్లు చెప్పారు. బ్లేడు కర్రలో ఇరుక్కుంటే పిడి వెనక కొసను బల్ల మీద తట్టమని, దాన్ని తమ వైపు 'సావ్వా వాడి దెబ్బ' అంటారని కూడా చెప్పారు. గ్రెనోబుల్ ఫ్లాటులో ఆ దెబ్బ అవసరం ఏనాడూ రాలేదు కాబట్టి, అదేదో పాతకాలపు అలవాటు అనుకొని ఊరుకున్నాను.

నాలుగో ఏడు జులైలో కోనసీమలోని మా ఊరు వెళ్తూ ఈ చాకును చెక్-ఇన్ సామానులో పెట్టి తీసుకువెళ్లాను. నాన్నకు చూపించాలని ఉండేది. ఆయన జీవితమంతా కొడవలి, కత్తి, గునపంతో పని చేసిన మనిషి. పనిముట్టు చేతిలోకి తీసుకోగానే బరువు ఏ వైపు ఉందో చూస్తారు. నేను చాకును చేతికి అందించబోతే తీసుకోలేదు. "అక్కడ పెట్టరా" అన్నారు. అరుగు మీద పెట్టిన తర్వాతే తీసుకున్నారు. ఎదురింటి పెద్దాయన అడిగిన నాణెం నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. నాన్న కట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి పొన్ను బాగా వేశారు" అని మాత్రం అన్నారు. ఆ వారమంతా వక్క చీల్చడానికీ, జామకాయలు కోయడానికీ, కొబ్బరి పీచు తాళ్లు తెంపడానికీ దాన్నే వాడారు.

వాన ముసురు పట్టిన మూడో రోజున పొరపాటు నావల్ల జరిగింది. నిల్వ ఉన్న చివరి మామిడికాయలు కోసిన తర్వాత, పెద్దాయన మాట మరచిపోయి, చాకును తొట్టి దగ్గర కడిగి, సరిగా తుడవకుండానే మడిచి, చూరు కింద కిటికీలో పెట్టాను. రెండు రోజుల తర్వాత తెరవబోతే బ్లేడు కదలలేదు. గోటి గాడిలో గోరు పెట్టి లాగితే గోరు చిట్లింది. పట్టుకారుతో లాగుదామంటే బ్లేడు మీద గాట్లు పడతాయని భయం. తడిసిన బీచ్ కర్ర ఉబ్బి, చీలిక రెండు వైపుల నుంచీ బ్లేడును అదిమి పట్టుకుంది. పెద్దాయన చెప్పిన దెబ్బ అప్పుడు గుర్తొచ్చి, పిడి కొసను అరుగు రాతి మీద తట్టాను. వెంట్రుకవాసి కదిలి ఆగిపోయింది. గట్టిగా కొడితే పిడి చీలుతుందేమోనని ఆపేశాను.

నాన్న వచ్చి చూసి, తుప్పు పట్టిందేమో అన్న నా మాట కొట్టిపారేశారు. "తుప్పు కాదురా, కర్ర ఉబ్బింది. పార కర్ర వదులైతే మనం నీళ్లలో నానేయమూ? అదే ఇది. అప్పుడు మనకు కావాలి, ఇప్పుడు వద్దు, అంతే తేడా" అన్నారు. లాగవద్దని, తాగిన నీళ్లు అది వదిలేదాకా ఆగమని చెప్పి, పాత గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దించారు. ఎండబెట్టకూడదా అని అడిగితే, ఎండ తగిలితే పైన ముందు ఆరి కర్ర నెర్రెలిస్తుందన్నారు. మూడు రోజులకు డబ్బా నుంచి తీసి, అరుగు మీద పిడి కొసను ఒక్కసారి తట్టారు. బ్లేడు కొస బయటికి వచ్చింది. ఆ దెబ్బ గురించి ఆయనకు నేను అప్పటికి చెప్పలేదు. సావ్వా కొండల్లో వాళ్లకు పేరున్న ఉపాయం, కోనసీమలో ఉలి పిడి, గొడ్డలి పిడి బిగించే చేతికి తనంతట తానే వచ్చింది. బ్లేడు మీద మామిడి పులుపుకు నల్లని నీలి మచ్చలు పడ్డాయి. కార్బన్ ఉక్కుకు అది మామూలే, తుడిచి పైపైన నూనె రాస్తే సరిపోయింది.

తిరిగి వెళ్లాక కట్టును శ్రావణంతో జాగ్రత్తగా విప్పి, పిడిని రాత్రంతా అవిసె నూనెలో ఉంచి, వారం రోజులు ఆరబెట్టాను. ఆరి గట్టిపడే గుణం వల్ల అవిసె నూనె ఈ పనికి వస్తుంది. ఆ గుణం లేని కొబ్బరి నూనె రాసి లాభం ఉండదు. తర్వాతి వానాకాలంలో అదే చాకు కాస్త బిరుసుగా తెరుచుకుంది కానీ ఇరుక్కోలేదు. పూర్తిగా నయమైందని అనను.

అంతకంటే బాధ పెట్టిన సంగతి మరుసటి జనవరిలో జరిగింది. గ్రెనోబుల్ చలికాలంలో ఇంట్లో హీటర్లు రాత్రింబవళ్లు నడుస్తాయి, గాలి పొడిబారిపోతుంది. అల్మరాలో వారాల తరబడి ఉన్న చాకు కర్ర కుంచించుకుపోయి, చీలిక వదులైంది. మూసి ఉన్న చాకును పట్టుకునే పని పాత కట్టు చేయదు కదా, కర్ర రాపిడే చేయాలి. ఆ రాపిడి అప్పటికి లేదు. గ్రెనోబుల్ దగ్గరి షార్‌త్రూజ్ కొండల్లో నడకకు వెళ్లి, రొట్టె కోసం సంచిలో చెయ్యి పెట్టినప్పుడు, సగం తెరుచుకొని ఉన్న బ్లేడు నా మధ్యవేలిని కోసింది. మూడు కుట్లు పడ్డాయి. అదే చాకు ఒక ఊళ్లో తెరుచుకోనంది, మరో ఊళ్లో తెరుచుకొని కూర్చుంది. రెండింటికీ మూలం ఒకటే: తాళం వేసే బాధ్యతలో సగం కర్రదీ, వాతావరణానిదీ. 2000లో వచ్చిన సవరణ ఎందుకు అవసరమైందో నాకు ఆ రోజు తెలిసింది. అప్పటిదాకా కొత్త కట్టును నేను అనవసరపు హంగు అనుకునేవాడిని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పైన కట్టు ఒక్కసారి కూడా జారలేదని రాశాను. అది నిజమే కానీ, కట్టు లోపల రొట్టె పొడి, పండు పీచు చేరితే అది పూర్తిగా తిరగక, బిగిసినట్టు కనిపిస్తూనే సగంలో ఆగుతుంది. అలాంటప్పుడు నేను పని ఆపి శుభ్రం చేశాను కాబట్టే అది జారలేదు. నెలకొకసారి సన్నని పుల్లతో ఆ సందు గీకే ఓపిక లేనివారికి నా అనుభవం వర్తించకపోవచ్చు.

ఈ రెండు ఇబ్బందుల తర్వాత నేను మరో తయారీ ఆగిపోయిన చాకు కోసం వెతికాను. ఒపినెల్ పద్ధతినే అనుసరించి, తిరిగే కట్టుతోనే అమెరికాకు చెందిన కోల్డ్ స్టీల్ సంస్థ ట్విస్ట్‌మాస్టర్ అనే చాకు తెచ్చింది. దాని పిడి ప్లాస్టిక్, బ్లేడు వాళ్లు కార్బన్ వీ అని పిలిచిన ఉక్కు. ఇప్పుడది వాడినవారి దగ్గరే దొరుకుతుంది. నాకు దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. రెండు వానాకాలాలు కోనసీమలో, మూడు చలికాలాలు గ్రెనోబుల్‌లో గడిపినా దాని బిగువులో తేడా రాలేదు. తొలి ఏడాది దీన్ని మించిన చాకు లేదని స్నేహితులకు చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పని విషయంలో ఆ మాట నిలుస్తుంది. కానీ నాన్న దాన్ని రెండు రోజులు వాడి, చేతికి చల్లగా ఉందంటూ మళ్లీ కర్ర పిడి దగ్గరికే వెళ్లారు, నా చెయ్యి కూడా తెలియకుండానే కర్ర పిడి వైపే పోతుంది.

సేకరణ మాటకు వస్తే, 1897లో ఒకటి నుంచి పన్నెండు దాకా నంబర్లతో వచ్చిన వరసలో ఒకటి, పదకొండు నంబర్లను 1930ల్లోనే ఆపేశారు. ఒకటో నంబరు మరీ చిన్నది. పదకొండోది పదికీ పన్నెండుకీ నడుమ తేడా తెలియనిది. ఆ రెండూ నా దగ్గర లేవు. పదకొండోదని చెప్పి ఒక విక్రేత నాకు అమ్మింది, కొలిస్తే పదో నంబరని తేలింది. అందుకే ఇప్పుడు స్కేలు లేకుండా సంతకు వెళ్లను; బ్లేడు మీద కిరీటం కింద చెయ్యి ముద్ర ఎంత అరిగిందో, పొన్ను దగ్గర కర్ర చిట్లిందో లేదో కూడా చూస్తాను. 1955కు ముందటి, అసలు కట్టే లేని చాకులు మూడు ఉన్నాయి. వాటిని వాడే ధైర్యం ఆ కుట్ల తర్వాత పోయింది, చూసుకోవడానికే ఉంచుకున్నాను.

పాత కట్టు చాకు కొనవచ్చా అని అడిగితే, మీ ఇంటి గాలి ఎలా ఉంటుందో ముందు చెప్పమంటాను. చిన్నపిల్లలున్న ఇంటికి, సంచిలో వేసుకొని తిరిగేవారికి 2000 తర్వాతి కట్టే మంచిది. ఫ్రాన్సులో సరైన కారణం లేకుండా చాకు వెంట ఉంచుకోవడం చట్టవిరుద్ధం కూడా కనుక, అక్కడ నాది ఎక్కువగా వంటింటి వాడకమే. తీరప్రాంతంలో ఉంటూ, తుడిచి పెట్టే అలవాటు ఉండి, పది పదిహేను యూరోలకు శుభ్రమైన పాతది దొరికితే నేనైతే వదలను. నా ఎనిమిదో నంబరు మాత్రం ఇప్పుడు గ్రెనోబుల్‌లో లేదు. తేమ గాలిలో కర్ర ఎప్పుడూ కాస్త బిగువుగా ఉండి బ్లేడును తనే పట్టుకుంటుంది కాబట్టి, నిరుడు దాన్ని కోనసీమలోనే వదిలి వచ్చాను. ముసురు పట్టిన రోజుల్లో నాన్న దాన్ని ఇప్పటికీ గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలోనే పెడుతున్నారు.