చించేసిన టికెట్టు, 61 డాలర్ల 50 సెంట్లు: ప్లెజాంటన్ సంతలో గుర్రప్పందేలు

మా ఆవిడ లెక్కలో ఈ ప్రయాణమంతా ఒక్క వాక్యం: "గెలిచిన టికెట్టు ఈయన చింపి చెత్తబుట్టలో వేశారు." తిరిగొచ్చాక కాలిఫోర్నియా ఎలా ఉందని ఏ చుట్టం అడిగినా అక్కడే మొదలుపెడుతుంది. మావాడు యోసమిటీ చూపించాడు, గోల్డెన్ గేట్ వంతెన చూపించాడు, ఏదీ లెక్కలోకి రాలేదు. అందుకే నా వైపు కథ కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను.

2024 జూన్‌లో వెళ్లాం. మావాడు ఉండేది శాక్రమెంటో పక్కన ఫోల్సమ్‌లో. ఓ శనివారం పొద్దున్నే బయల్దేరి రెండు గంటల్లో ప్లెజాంటన్ చేరుకున్నాం. అక్కడ ఏటా వేసవిలో అలమీడా కౌంటీ ఫెయిర్ జరుగుతుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. నాంపల్లి నుమాయిష్‌కి ఆవులూ మేకలూ పందులూ తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంది. టికెట్లూ పార్కింగూ కలిపి ఐదుగురికి 100 డాలర్ల దాకా అయిందని కోడలు చెప్పింది. మా ఆవిడ వెంటనే అప్పటి డాలరు రేటు 83తో హెచ్చవేసింది. ఇక ఆ రోజంతా ప్రతిదీ 83తో హెచ్చవేస్తూనే ఉంది. ఒక బండి దగ్గర గ్లాసు నిమ్మరసం 9 డాలర్లు, అందులో సగం ఐసు.

నేను వెళ్లింది మాత్రం గుర్రాల కోసమే. సైదాబాదులో ముప్ఫై ఏళ్లు ఉన్నవాణ్ణి, మలక్‌పేట రేస్‌కోర్సు నాకు కొత్త కాదు. బ్యాంకు రోజుల్లో నెలకోసారి వెళ్లి పది రూపాయలో ఇరవై రూపాయలో కాసి, పోగొట్టుకుని, ఇంట్లో చెప్పకుండా ఉండేవాణ్ణి. ప్లెజాంటన్ ట్రాకు 1858 నాటిది. అమెరికాలో ఇంతకంటే పాత మైలు ట్రాకు లేదని వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. పైగా మేం వెళ్లడానికి కొద్దిరోజుల ముందే, జూన్ 9న, బర్కిలీ దగ్గరి గోల్డెన్ గేట్ ఫీల్డ్స్ రేస్‌కోర్సు మూతపడింది. శాన్‌మటేయోలో ఉండే బే మెడోస్ 2008లోనే పోయింది. అంటే ఉత్తర కాలిఫోర్నియాలో ఎదురుగా గుర్రం పరిగెత్తడం చూడాలంటే అప్పటికి ఈ కౌంటీ సంతలే దిక్కు. స్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన అదే చెప్పుకుని బాధపడ్డాడు. ఒకప్పుడు ఈ సంతల్లో కంచరగాడిదలకి కూడా పందేలు పెట్టేవారని, బ్లాక్ రూబీ అనే కంచరగాడిదని చూడ్డానికి జనం విరగబడేవారని చెప్పాడు. మనవడు అది పట్టుకుని, గుర్రాలు వద్దు గాడిదలు కావాలని గొడవ.

మొదటి గొడవ రేటు దగ్గర వచ్చింది. రెండో నంబరు గుర్రం మీద బోర్డులో 5-1 కనిపించింది. విన్‌కి, అంటే అది మొదటిదే వస్తుందని, పది డాలర్లు కాశాను. గెలిచింది! అసలుతో కలిపి 60 వస్తాయని కౌంటరుకి వెళితే 36 చేతిలో పెట్టారు. రెండు డాలర్ల పందేనికి 7.20 చొప్పున అట. నాకు ఒళ్లు మండింది. మలక్‌పేటలో బుకీ చీటీ మీద ఏ రేటు రాస్తే అదే రేటు. ఆ తర్వాత గుర్రం ఫేవరెట్ అయినా, దేవుడే వచ్చి దాని మీద కూర్చున్నా మన చీటీ మారదు.

కౌంటరులోని ఆవిడ, అరవై దాటి ఉంటుంది, విసుక్కోకుండా చెప్పింది. కాలిఫోర్నియాలో బుకీలు లేరు. 1933లో జనం ఓటేసి గుర్రప్పందేలని ఒప్పుకున్నప్పుడే ప్యారీమ్యూచువల్ పద్ధతి ఒక్కటే ఉండాలని ఒప్పుకున్నారు. మన టోట్ లాంటిదే. అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. విన్ పందేలైతే నూటికి పదిహేను పైన, రెండు మూడు గుర్రాలు కలిపి కాసేవాటికి ఇరవై పైన ముందే తీసేస్తారు. ట్రాకు వాటా, బహుమతులు, గుర్రాలు పెంచేవాళ్ల వాటా, ప్రభుత్వం వాటా అన్నీ అందులోనే. మిగిలింది గెలిచినవాళ్లు పంచుకోవాలి, చిల్లర కూడా కిందికే సరిచేస్తారు. ఇక్కడ స్టాండులో కాసినవాళ్లే కాదు, వేరే ఊళ్ల సంతల్లో టీవీ ముందు కూర్చుని కాసినవాళ్లూ, ఫోన్లో కాసినవాళ్లూ అందరి డబ్బూ అదే కుండలోకి వస్తుంది. పెద్ద మొత్తాలు గేటు తెరుచుకునే చివరి నిమిషంలో పడతాయి. ఆ లెక్క తేలి బోర్డు మీదికి వచ్చేసరికి గుర్రాలు సగం దూరం పరిగెత్తి ఉంటాయి. మనం చూసిన 5-1 అప్పటి అంచనా, అంతే.

అర్థమైంది గానీ ఒప్పుకోవడానికి టైం పట్టింది. మలక్‌పేటలో 2023 అక్టోబరు నుంచి పందెం మొత్తం మీద 28 శాతం జీఎస్టీ అని తిట్టుకునేవాళ్లం. కనీసం అది కంటికి కనిపించే కోత. ఇక్కడి కోత కుండలోనే జరిగిపోతుంది, గెలిచినవాడికి కూడా తెలీదు.

ఎండ భరించలేక మావాడు, నేను అదే ఆవరణలో ఉన్న ఆఫ్‌ట్రాక్ బెట్టింగ్ గదికి వెళ్లాం. ఇలాంటివి కాలిఫోర్నియా సంత మైదానాల్లో చాలాచోట్ల ఉన్నాయి. సంత ఏడాదికి మూడు వారాలే, ఈ గది మిగతా రోజుల్లోనూ తెరిచి ఉంటుంది. గోడనిండా టీవీలు. కెంటకీలోని చర్చిల్ డౌన్స్ పందేలు నడుస్తున్నాయి. మనకి మధ్యాహ్నం దాటగానే అక్కడ సాయంత్రం, చివరి పందేలకి వచ్చేశారు. ఏసీ బ్రహ్మాండంగా ఉంది, బాత్‌రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయి, కానీ ఆ గదిలో మనిషి మొహం వైపు మనిషి చూడడు. అందరూ నా వయసువాళ్లే, ఒళ్లో రేసు పుస్తకం, చేతిలో పెన్సిలు. నాలుగు పందేలకి రెండేసి డాలర్లు, ఎనిమిదీ పోయాయి. మావాడు "నాన్నా, ఇది బ్యాంకు క్యూలా ఉంది, పోదాం పద" అన్నాడు. నిజంగానే అలా ఉంది. ఏసీ కోసమైతే సరే, పందేల కోసమైతే ఎండలో కూర్చోవడమే నయం.

తిరిగొచ్చేసరికి మనవడు స్టాండులో కొరడా దెబ్బలు లెక్కపెడుతున్నాడు. పక్క పెద్దాయన నేర్పాడట. 2020 నుంచి కాలిఫోర్నియాలో జాకీ ఒక పందెంలో ఆరుసార్లకి మించి కొట్టకూడదు. వరసగా రెండు దెబ్బలు వేశాక గుర్రానికి స్పందించే వ్యవధి ఇవ్వాలి. మించితే జరిమానా. రాష్ట్రంలో పందేల్ని చూసేది కాలిఫోర్నియా హార్స్ రేసింగ్ బోర్డు, ఏడుగురు సభ్యులు, నియమించేది గవర్నరు. ఏ సంత ఏ వారాల్లో పందేలు పెట్టాలో తేదీలు ఇచ్చేదీ వాళ్లే. గుర్రాన్ని కడిగే కుర్రాడికి కూడా లైసెన్సు కావాలి. సంతే కదా అని సడలింపు ఏమీ లేదు, గెలిచిన గుర్రం నేరుగా డోపు పరీక్షకి వెళ్లాల్సిందే. పద్దెనిమిది నిండనివాళ్లు కాయకూడదు. మనవడికి తొమ్మిదే కాబట్టి వాడి జోస్యాలన్నీ ఉచితం.

ఆ తర్వాతి పందెంలో నేను నాలుగు డాలర్లు కాశాను. మా ఆవిడ జీవితంలో మొదటిసారి ఐదు డాలర్లు కాసింది. ఆరో నంబరు. ఎందుకంటే ఆ జాకీ చొక్కా పసుపుపచ్చ, శుభమట. 11-1 గుర్రం. చివరి మలుపులో మూడో నంబరూ ఆరో నంబరూ ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చాయి. మూడు ముందు, తల తేడాతో ఆరు వెనక. "అయ్యో" అంది. నేను పెద్ద అనుభవశాలిలా "రేసులంటే ఇంతే" అని, ఆవిడ చేతిలోని టికెట్టూ నా టికెట్టూ కలిపి నాలుగు ముక్కలు చేసి, నిమ్మరసం గ్లాసులు నిండిన డబ్బాలో వేశాను. మలక్‌పేట అలవాటు. అక్కడ పందెం అవగానే నేలంతా చిరిగిన చీటీలే.

అంతలో బోర్డు మీద "ఇంక్వైరీ" అని వెలిగింది. మైకులో ఎవరూ టికెట్లు పారేయొద్దని ప్రకటన. పక్క పెద్దాయన నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోను.

పైన గదిలో ముగ్గురు స్టీవర్డులు, అంటే పందెం తీర్పరులు, ఉంటారు. వాళ్లు వీడియో అన్నివైపుల నుంచీ చూసి, జాకీలతో ఫోన్లో మాట్లాడి తేలుస్తారు. జాకీ తానే ఫిర్యాదు చేస్తే దాన్ని అబ్జెక్షన్ అంటారు, స్టీవర్డులే మొదలుపెడితే ఇంక్వైరీ. ఎనిమిది నిమిషాలు పట్టింది. మూడో నంబరు పక్కకి జరిగి ఆరోదాన్ని నెట్టిందని తేల్చి, దాన్ని రెండో స్థానానికి దించారు. ఆరు మొదటిది. "అఫీషియల్" అని వెలిగింది. రెండు డాలర్లకి 24.60. ఐదు డాలర్లకి 61 డాలర్ల 50 సెంట్లు.

మా ఆవిడ ఏమీ అనలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ ఏమీ అనకపోవడం ఎంత ప్రమాదమో నాకు తెలుసు.

నేను, మావాడు, మనవడు ముగ్గురం ఆ డబ్బా మీద పడ్డాం. మనవడికైతే ఆ రోజుకి అదే అసలైన ఆట. కోడలు దూరంగా నిలబడి మాకు ఏమీ కానట్టు ఫోన్ చూసుకుంటోంది. నాలుగింట్లో రెండు ముక్కలు దొరికాయి, తడిసి. బార్‌కోడ్ ఉన్న ముక్క మాత్రం లేదు. అదే కౌంటరు ఆవిడ వాటిని వెలుగుకి పెట్టి చూసి, పైవాణ్ణి పిలిచి, ఇద్దరూ కలిసి చాలా మర్యాదగా కుదరదన్నారు. టికెట్టు ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లది, పేరూ ఊరూ ఉండవు, టికెట్టు లేకపోతే యంత్రానికి మనం ఎవరో తెలీదు. రూలు సబబే. నేను క్యాషియరుగా కూర్చున్నా అదే అనేవాణ్ణి. మా ఆవిడతో ఆ మాట అనడం మాత్రం తప్పయింది.

ఆ రాత్రి మోటెల్ సంగతి వేరే చెప్పాలి. ఫ్రీవే పక్కన, సంతకి పది నిమిషాలు. ఆన్‌లైన్‌లో 139 డాలర్లు చూపించింది. పన్నూ, ఏదో ఫీజూ కలిపి 171 అయింది. దానికి తోడు 100 డాలర్ల డిపాజిట్. మనవడికి అదనపు పరుపు అడిగితే కౌంటరు కుర్రాడు తలెత్తకుండా "25" అన్నాడు. ఏసీ నుంచి ట్రాక్టరు శబ్దం, పరదాల నిండా సిగరెట్టు వాసన. "ఉచిత బ్రేక్‌ఫాస్ట్" అంటే ప్లాస్టిక్ కవర్లో చుట్టిన మఫిన్లు. మా ఆవిడ ఫోల్సమ్ నుంచి తెచ్చిన పులిహోర లేకపోతే ఆ పూట పస్తే. డిపాజిట్ తిరిగి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ప్లెజాంటన్‌లో రాత్రి ఉండకండి, ఫోల్సమ్ అయినా ఫ్రీమాంట్ అయినా ఇంటికే వెళ్లిపోండి.

ఆదివారం లివర్మోర్ శివవిష్ణు ఆలయంలో దర్శనం బాగా అయింది.

దారిలో పందేల లెక్క వేశాను. పెట్టింది మొత్తం 27, వచ్చింది 36. లాభం 9 డాలర్లు, అంటే ఒక నిమ్మరసం. మా ఆవిడ వెనక సీట్లోంచి "61.50 కూడా కలపండి" అంది.

ఆ ఏడాది శరదృతువులో అదే ట్రాకు మీద ఎక్కువ రోజులు పందేలు నడిపి చూశారు. అనుకున్నంత డబ్బు పడలేదు. 2025 సంతలో గుర్రాలు పరిగెత్తవని మావాడు ఫోన్లో చెప్పాడు. నాకు కాస్త దిగులేసింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "నా డబ్బు ఇవ్వకుండానే మూసేశారా?"