మెమ్‌టెస్ట్86 ప్లస్: లాప్‌టాప్ పదేపదే క్రాష్ అవుతుంటే డ్రైవర్ల కంటే ముందు దీన్ని నడపండి

లాప్‌టాప్ తరచుగా క్రాష్ అవుతుంటే చాలామంది మొదట డ్రైవర్లను (హార్డ్‌వేర్‌ను విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రామ్‌లను) అప్‌డేట్ చేస్తారు, ఫలితం లేకపోతే విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తారు. ఈ రెండింటికీ ముందే ర్యామ్‌ను (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు, డేటా తాత్కాలికంగా ఉండే మెమరీని) పరీక్షించాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ పనికి నేను కొన్నేళ్లుగా వాడుతున్న ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86 ప్లస్ ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ చాలదో ఈ సమీక్షలో వివరంగా చెబుతాను. ముందుగా ర్యామ్‌నే ఎందుకు చూడాలంటే, చెడిపోయిన ర్యామ్ అచ్చం డ్రైవర్ లోపంలాగే కనిపించగలదు. డ్రైవర్ కోడ్, అది వాడుకునే డేటా కూడా నడుస్తున్నంతసేపు ర్యామ్‌లోనే ఉంటాయి కాబట్టి, అక్కడ ఒక్క బిట్ (ఒక సున్నా లేదా ఒకటి) తారుమారైనా ఆ క్షణంలో పనిచేస్తున్న డ్రైవర్ పేరే నేరస్థుల జాబితాకు ఎక్కుతుంది. అదే డ్రైవర్ ఎంత నాసిరకంగా రాసినదైనా సరే, విండోస్ మొదలుకాకముందే నడిచే మెమరీ పరీక్షలో అది ఎర్రర్ పుట్టించలేదు. అందువల్ల ర్యామ్ సంగతి ముందు తేల్చుకుంటే, ఆ తర్వాత డ్రైవర్ల గురించి వచ్చే ఆధారాలను కొంత నమ్మకంతో చదవవచ్చు. ఈ వరుస తిరగబడితే మాత్రం అమాయకమైన డ్రైవర్లను ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ కూర్చోవలసి వస్తుంది.

పేరు విషయంలో ఒక అయోమయం ఉంది కనుక దాన్ని ముందే తొలగించాలి. క్రిస్ బ్రేడీ 1994లో విడుదల చేసిన మెమ్‌టెస్ట్86 దీనికి మూలం. దాని నుంచి శామ్యూల్ డెమ్యులెమీస్టర్ వేరుచేసి అభివృద్ధి చేసినది మెమ్‌టెస్ట్86 ప్లస్. మూల ప్రోగ్రామ్ 2013 నుంచి పాస్‌మార్క్ సంస్థ చేతిలో ఉంది. దాని ఉచిత కూర్పు 4 పాస్‌లకు మించి నడవదు (పరీక్షలన్నీ ఒక విడత పూర్తయితే ఒక పాస్). ప్లస్ మాత్రం జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద పూర్తి ఉచితం, పాస్‌లకు పరిమితి లేదు. మధ్యలో కొన్నేళ్లు ప్లస్‌కు చెప్పుకోదగ్గ కూర్పేదీ రాలేదు, యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా ఫర్మ్‌వేర్‌తో (లాప్‌టాప్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌తో) మాత్రమే బూట్ అయ్యే కొత్త లాప్‌టాప్‌లలో అది పనికిరాకుండా పోయింది. 2022లో మార్టిన్ విటేకర్ రాసిన పీసీమెమ్‌టెస్ట్ ఆధారంగా 6.00 కూర్పు వచ్చాక ఆ లోటు తీరింది. ఎక్కడో దాచుకున్న పాత 5.01 ఫైల్ మీ దగ్గర ఉంటే దాన్ని పక్కనపెట్టి కొత్తది తెచ్చుకోండి.

వాడకం సులువే. ఫైల్‌ను యూఎస్‌బీ డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచి లాప్‌టాప్‌ను బూట్ చేస్తే పరీక్ష దానంతట అదే మొదలవుతుంది. కొన్ని లాప్‌టాప్‌లలో లోపలి కీబోర్డుకు ప్రోగ్రామ్ స్పందించదు, అయినా పరీక్ష ఆగదు. కష్టమంతా సెక్యూర్ బూట్ దగ్గరే, అంటే గుర్తింపు పొందిన సంతకం లేని ప్రోగ్రామ్‌లను బూట్ కానివ్వని రక్షణ దగ్గరే. నేను వాడిన కూర్పులను బూట్ చేయడానికి ఫర్మ్‌వేర్ సెట్టింగ్‌లలో దాన్ని తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది, ఇది ప్రోగ్రామ్‌కు నిజమైన లోపమే. పైగా డిస్క్‌కు బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే, సెక్యూర్ బూట్‌ను కదిపిన తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ ఎక్కడుందో తెలియకుండా ఈ సెట్టింగ్ జోలికి వెళ్లకూడదు. కీని వెతికి, కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే ముందుకు సాగండి. అంత ధైర్యం చాలనివారికి పాస్‌మార్క్ వారి ఉచిత కూర్పు మేలు, ఎందుకంటే అది సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే బూట్ అవుతుంది. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లలో ప్లస్ అసలు నడవదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

దీని అసలు బలం పరీక్షల నాణ్యతలో ఉంది. ర్యామ్‌లో ప్రతి బిట్ ఒక అతి చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశంగా నిలుస్తుంది, అది నిరంతరం కారిపోతూనే ఉంటుంది. డీడీఆర్4 ప్రమాణం ప్రకారం మామూలు ఉష్ణోగ్రతలో 64 మిల్లీసెకన్లలోపు ప్రతి గడినీ (ఒక బిట్ నిలిచే చోటును) రిఫ్రెష్ చేయాలి, అంటే ఆవేశాన్ని మళ్లీ నింపాలి, 85 డిగ్రీలు దాటితే అందులో సగం సమయంలోనే చేయాలి. బలహీనపడిన గడి ఆ గడువు దాకా ఆవేశాన్ని నిలుపుకోలేదు. లేదా పక్క గడుల్లో ఒక ప్రత్యేకమైన అమరికలో ఒకట్లు, సున్నాలు ఉన్నప్పుడు మాత్రమే తడబడుతుంది. అందుకే మెమ్‌టెస్ట్ ఒకే రకమైన పరీక్షతో సరిపెట్టదు. అడ్రస్‌లను తనిఖీ చేస్తుంది, నమూనాలను రాసి వాటిని తిప్పి మళ్లీ చదువుతుంది, యాదృచ్ఛిక సంఖ్యలను నింపుతుంది, పెద్ద ముక్కలను ఒకచోట నుంచి మరోచోటికి తరలిస్తుంది, చివరగా మెమరీని నింపి కొన్ని నిమిషాలు కదపకుండా వదిలి, రాసినది రాసినట్టే ఉందో లేదో చూస్తుంది. తాను కూర్చున్న భాగాన్ని కూడా వదలకుండా, మధ్యలో వేరే చోటికి జరిగి ఆ జాగానూ పరీక్షిస్తుంది. విండోస్ లోపల నడిచే మెమరీ పరీక్షలకు ఇది సాధ్యం కాదు, విండోస్ ఆక్రమించిన జాగాను అవి ముట్టుకోలేవు కదా.

ఫలితం ఎలా కనిపిస్తుందో నా లాప్‌టాప్ అనుభవంతోనే చెబుతాను. దానిలో రెండు ర్యామ్ స్టిక్‌లు ఉండేవి. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అని, మరోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అని, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని క్రాష్ తెర మీద సందేశాలు మారుతూ వచ్చాయి. వాటిలో కనిపించే డ్రైవర్ పేరు కూడా ప్రతిసారీ వేరే. క్రాష్‌కు కారణం డ్రైవరే అయితే సాధారణంగా ఒకే పేరు, ఒకే సందర్భం తిరిగి తిరిగి వస్తాయి. పేర్లు ఇలా చెల్లాచెదురైతే ర్యామ్‌ను అనుమానించాలి. మెమ్‌టెస్ట్ నడిపితే మొదటి పాస్ శుభ్రంగా గడిచింది. తర్వాతి పాస్‌లో యాదృచ్ఛిక నమూనాల పరీక్ష దగ్గర ఎర్రటి వరుసలు మొదలయ్యాయి. ప్రతి వరుసలోనూ విఫలమైన అడ్రస్, ఉండవలసిన విలువ, నిజంగా దొరికిన విలువ పక్కపక్కనే ఉంటాయి. నా తెరమీద ఆ రెండు విలువల మధ్య తేడా ఎప్పుడూ ఒకే అంకెలో, అదే స్థానంలో వచ్చింది, అడ్రస్‌లు కూడా ఒకదానికొకటి దగ్గర్లోనే ఉన్నాయి. ఇది భౌతికంగా ఒక చోట చెడిన చిప్ లక్షణం. లాప్‌టాప్‌ను ఆపి, ఛార్జర్ తీసి, వీలైతే బ్యాటరీ కనెక్షన్ కూడా విడదీసి, స్టిక్‌లను ఒక్కొక్కటిగా ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షిస్తే దోషం ఏ స్టిక్‌దో తేలిపోయింది. మంచి స్టిక్‌ను రెండో స్లాట్‌లోనూ పెట్టి చూడటం మరిచిపోకూడదు, ఎందుకంటే కొన్నిసార్లు తప్పు స్టిక్‌ది కాదు, స్లాట్‌ది. స్టిక్ సరిగ్గా కూర్చోకపోవడమూ కారణం కావచ్చు, అందుకే కొత్తది కొనే ముందు ఒకసారి తీసి గట్టిగా అమర్చి మళ్లీ పరీక్షించాలి.

విండోస్‌తోనే వచ్చే, రీస్టార్ట్ చేశాక నడిచే మెమరీ డయాగ్నస్టిక్ సరిపోదా అని అడిగేవారు ఉంటారు. విస్టా కాలం నుంచీ ఉన్న ఆ సాధనాన్ని నేను తీసిపారేయను. యూఎస్‌బీ అక్కర్లేదు, సెక్యూర్ బూట్ గొడవ లేదు. అయితే అది మామూలుగా స్టాండర్డ్ పరీక్షలను రెండు పాస్‌లు నడిపి ఆగిపోతుంది. పరీక్ష తెర మీద ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకుని, పాస్‌ల సంఖ్య పెంచితే తప్ప లోతుగా చూడదు. ఫలితం గురించి లాగిన్ అయ్యాక రావలసిన నోటిఫికేషన్ కూడా ఒక్కోసారి రాదు. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి మెమరీడయాగ్నస్టిక్స్ రిజల్ట్స్ అన్న మూలం కింద వెతకాలి. ఎర్రర్ చూపితే దాన్ని నమ్మండి. ఏమీ లేదన్నా మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడపండి.

మెమ్‌టెస్ట్ కూడా తుది తీర్పు కాదని ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. అది ఎర్రర్ చూపిందంటే ఆ ర్యామ్‌ను, లేదా దాన్ని నడిపే వేగాన్ని, స్లాట్‌ను అనుమానించడానికి ఒక్క ఎర్రర్ చాలు. "ఒకటే కదా" అని సరిపెట్టుకోకూడదు. పాస్ అని ఆకుపచ్చ అక్షరాలు కనిపిస్తే మాత్రం, ఆ సమయంలో, ఆ వేడిలో తప్పు దొరకలేదని మాత్రమే అర్థం. గ్రాఫిక్స్ చిప్ పూర్తి భారంతో పనిచేస్తున్నప్పుడు లాప్‌టాప్ లోపల పుట్టే వేడి ఈ పరీక్షలో పుట్టదు. విడిగా ఉన్న గ్రాఫిక్స్ చిప్ సొంత మెమరీని ఇది పరీక్షించదు, ఫర్మ్‌వేర్ తనకోసం అట్టిపెట్టుకున్న భాగాలనూ తాకదు. కనీసం నాలుగు పాస్‌లైనా పూర్తికాకుండా నేను ర్యామ్‌కు క్లీన్ చిట్ ఇవ్వను.

ర్యామ్ నిలబడిందనుకుంటే అప్పుడు డ్రైవర్ల వంతు. విండోస్ ప్రతి క్రాష్‌కూ మినీడంప్ అనే, క్రాష్ వివరాలుండే చిన్న ఫైల్‌ను భద్రపరుస్తుంది. పేజ్‌ఫైల్‌ను (ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్క్ మీద వాడే ఫైల్‌ను) పూర్తిగా ఆపేసిన లాప్‌టాప్‌లలో ఇది జరగకపోవచ్చు. నిర్‌సాఫ్ట్ వారి బ్లూస్క్రీన్‌వ్యూ ఆ ఫైళ్లను క్షణాల్లో వరుసగా చూపుతుంది గానీ, అది ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్ వైపు వేలు చూపినప్పుడు నమ్మేయకండి. అది విండోస్ కెర్నలే (విండోస్‌కు గుండెకాయ లాంటి భాగం), తప్పు బయటపడింది అక్కడ, పుట్టింది మరెక్కడో. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీ అనే క్రాష్ విశ్లేషణ సాధనంలో ఎనలైజ్ ఆదేశం ఇస్తే ఇంతకంటే నమ్మదగిన సమాధానం వస్తుంది. స్లీప్ నుంచి లేచేటప్పుడే వచ్చే డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్, ఆటలాడుతున్నప్పుడే వచ్చే వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ లాంటివి తమ సందర్భాన్ని తామే చెబుతాయి. మొదటిదానికి వైఫై, చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లను, రెండోదానికి గ్రాఫిక్స్ డ్రైవర్‌ను లాప్‌టాప్ తయారీదారు ఇచ్చిన కూర్పుతో మార్చి చూడాలి. కొత్త కూర్పు వచ్చాకే సమస్య మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ ఎంచుకోవడమే సరైన మందు.

డ్రైవర్ వెరిఫయర్ వీటన్నిటికంటే బలమైనది, ప్రమాదకరమైనది కూడా. విండోస్ 2000 నుంచీ వస్తున్న ఈ సాధనం ఎంచుకున్న డ్రైవర్లను కావాలని ఒత్తిడిలో పెట్టి, అవి తప్పు చేసిన మరుక్షణం సిస్టమ్‌ను క్రాష్ చేయిస్తుంది, దాంతో దోషి పేరు నేరుగా మినీడంప్‌లోకి వస్తుంది. దీన్ని ఆన్ చేసేటప్పుడు అన్ని డ్రైవర్లనూ ఎంచుకోవద్దు, మైక్రోసాఫ్ట్‌వి కానివాటిని మాత్రమే ఎంచుకోండి. ముందుగా రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. లాప్‌టాప్ బూట్ అవుతూనే క్రాష్ అయ్యే పరిస్థితి వస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వెరిఫయర్‌కు రీసెట్ ఆదేశం ఇవ్వడం వచ్చి ఉండాలి. దీన్ని ర్యామ్ పరీక్షకు ముందు నడిపితే చెడిన బిట్ ఏదో ఒక డ్రైవర్ మీద నేరం మోపుతుంది, మీరు దాన్ని నమ్ముతారు. మెమ్‌టెస్ట్‌ను ముందు పెట్టమని ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉన్న పలుచని లాప్‌టాప్‌లలో మార్చుకునే దారి లేదు. అయినా చెడిన భాగం చిన్నదైతే మెమ్‌టెస్ట్ ప్లస్ ఆ అడ్రస్‌లను బ్యాడ్‌ర్యామ్ నమూనాగా రాసి ఇవ్వగలదు. లినక్స్‌లో గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామ్‌కు ఆ నమూనా అందిస్తే కెర్నల్ ఆ భాగాన్ని వాడకుండా వదిలేస్తుంది. పాత లాప్‌టాప్‌కు కొంతకాలం ఊపిరిపోయడానికి ఇది పనికొస్తుంది. ముఖ్యమైన పని జరిగే యంత్రానికి మాత్రం నేను సిఫారసు చేయను, ఎందుకంటే చెడటం మొదలైన చిప్ అక్కడితో ఆగుతుందన్న హామీ లేదు.

స్టిక్ మార్చాక కూడా రెండు పనులు మిగులుతాయి. కొత్త స్టిక్, పాత స్టిక్ కలిపి పెట్టి మెమ్‌టెస్ట్‌ను మరోసారి పూర్తిగా నడపాలి, ఎందుకంటే విడివిడిగా నెగ్గిన రెండు స్టిక్‌లు జతగా ఓడిపోవడం అరుదేమీ కాదు. ఆ తర్వాత విండోస్‌లో పాడైన సిస్టమ్ ఫైళ్లను సరిచేసే సిస్టమ్ ఫైల్ చెకర్‌ను, డిస్మ్‌ను నడపాలి. ర్యామ్ చెడి ఉన్న రోజుల్లో డిస్క్‌కు రాసిన ప్రతి ఫైల్ ఆ చెడిన గడుల మీదుగా వెళ్లి ఉండవచ్చు, ఆ కాలంలో తీసుకున్న బ్యాకప్‌లూ అంతే. ముఖ్యమైన ఫొటోలు, పత్రాలు తెరిచి చూసి, అనుమానం ఉన్నవాటిని అంతకు ముందటి బ్యాకప్ నుంచి తెచ్చుకోండి.