చిప్ లోపలి లాజిక్ ఎనలైజర్ చాన్నాళ్లు వాడాక: అందులో నాకు క్యాప్చర్ కంట్రోలే ప్రాణం

ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్‌ని మనమే నింపుకోగల చిప్) లోపల పెట్టుకునే లాజిక్ ఎనలైజర్ (సిగ్నళ్లు ఎలా మారాయో రికార్డు చేసి చూపేది) గురించి ఎవరు రాసినా ట్రిగ్గర్ల (ఏ సంఘటన చుట్టూ రికార్డు చేయాలో చెప్పే షరతుల) గురించే రాస్తారు. కొన్నేళ్లుగా వాడుతున్న నాకు మాత్రం అందులో బాగా నచ్చింది వేరే ఉంది. ఏ శాంపిల్‌ని (ఒక్కో క్లాక్‌కి చదివిన సిగ్నల్ విలువల్ని) దాచుకోవాలో, దేన్ని పారేయాలో మనమే చెప్పుకునే సదుపాయం అది. ఎఫ్‌పీజీఏ డిజైన్ టూల్ వివాడోలోని ఎనలైజర్ ఐఎల్‌ఏలో క్యాప్చర్ కంట్రోల్ పేరుతో ఉంటుంది, మరో టూల్ క్వార్టస్‌లోని సిగ్నల్‌ట్యాప్‌లో అయితే స్టోరేజ్ క్వాలిఫయర్. చాలామంది ఆ పెట్టెలో టిక్ కూడా పెట్టరు, నాకు అదే బాధ. ఎనలైజర్ కోర్‌ని డిజైన్‌లో ఎలా పెట్టాలి, చిప్‌ని కంప్యూటర్‌కి కలిపే జేట్యాగ్ కేబుల్ ఎలా కలపాలి అన్నవి మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

ఎందుకంత ఇష్టమో లెక్క చూస్తే తెలుస్తుంది. క్లాక్ 100 మెగాహెర్ట్జ్, లోతు (దాచుకోగల శాంపిళ్ల సంఖ్య) 8192 అనుకుంటే మనకు కనిపించే కాలం 82 మైక్రోసెకన్లు కూడా ఉండదు. ఐఎల్‌ఏ ఇచ్చే గరిష్ఠ లోతు 1,31,072 పెట్టుకున్నా 1.3 మిల్లీసెకన్లే, అప్పటికి బ్లాక్ ర్యామ్ (చిప్ లోపలి మెమరీ) అంతా దానికే సరిపోతుంది. గంటల తరబడి బాగానే నడిచి ఒక్కసారిగా ఆగిపోయే డిజైన్‌కి ఆ కాస్త కిటికీలోంచి చూస్తే ఏం తెలుస్తుంది? కానీ నా డిజైన్‌లో డేటా ప్రతి క్లాక్‌కీ రాదు, సుమారు 50 క్లాక్‌లకి ఒక మాట (వర్డ్, అంటే ఒక్కసారిగా పోయే డేటా ముక్క) చొప్పున వస్తుంది. పంపేవైపు ‘డేటా ఉంది’ అని చెప్పే వ్యాలిడ్, తీసుకునేవైపు ‘సిద్ధం’ అని చెప్పే రెడీ, ఈ రెండు సిగ్నళ్లూ 1గా ఉన్న క్లాక్‌ని మాత్రమే దాచమంటే అదే 8192 లోతులో నాలుగు మిల్లీసెకన్ల చరిత్ర పట్టేస్తుంది. అదనంగా ఒక్క బ్లాక్ ర్యామ్ కూడా ఖర్చు కాదు.

అయితే ఇలా దాచుకున్నప్పుడు వేవ్‌ఫామ్‌లో పక్కపక్కన కనిపించే రెండు శాంపిళ్ల మధ్య నిజంగా ఎంత సమయం గడిచిందో తెలియదు. అందుకే నేను ప్రతిసారీ డిజైన్‌లో క్లాక్‌లు లెక్కపెట్టే ఒక 48 బిట్ల కౌంటర్ పెట్టి దాన్ని కూడా ప్రోబ్‌గా (ఎనలైజర్ చూసే సిగ్నల్‌గా) కలుపుతా. 32 బిట్లయితే 100 మెగాహెర్ట్జ్ దగ్గర 43 సెకన్లకే మొదటికొస్తుంది, 48 బిట్లయితే నెల రోజులు దాటాక గానీ తిరగదు. రాత్రంతా వదిలేసే పనికి ఆ తేడా కావాలి.

ఇక దీని మీద నాకు గురి కుదిరిన సంగతి చెప్తాను. ఒక సెన్సర్ నుంచి వచ్చే డేటాని ప్యాకెట్లుగా కట్టి డీడీఆర్3 మెమరీలోకి రాసే డిజైన్ అది. ప్యాకెట్లు కట్టే బ్లాక్ మేం రాసింది కాదు, బయటి నుంచి వచ్చింది. అంతా బాగానే నడుస్తూ ఎప్పుడో ఒకసారి మొత్తం బిగుసుకుపోయేది. రీసెట్ చేస్తే మళ్లీ మామూలే. సిమ్యులేషన్‌లో ఎంత తిప్పినా రాదు. మామూలు పద్ధతిలో ఐఎల్‌ఏ పెట్టి ఆగిపోయాక చూస్తే వ్యాలిడ్ సున్నా, రెడీ ఒకటి, అంతా నిశ్శబ్దం. జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది.

క్యాప్చర్ కంట్రోల్ పెట్టి, కౌంటర్ కలిపి, డేటా చేతులు మారిన (వ్యాలిడ్, రెడీ రెండూ 1గా ఉన్న) క్లాక్‌లు మాత్రమే దాచాను. వచ్చిన పట్టికని సీఎస్‌వీగా ఎగుమతి చేసి పక్కపక్క కౌంటర్ విలువల తేడాలు తీసి చూస్తే మొదట కనిపించింది బగ్ కాదు, మెమరీ రిఫ్రెష్ (డేటా చెరిగిపోకుండా మెమరీ తాజా చేసుకోవడం, అప్పుడు రాయడం కాసేపు ఆగుతుంది). తేడాలన్నీ 50కి అటూ ఇటూగా ఉండి, ఉండుండి ఒకటి 70, 75 దాకా పోతుంది. అలా సాగిన చోట్ల మధ్య దూరం చూస్తే దాదాపు 780 క్లాక్‌లు, లేదంటే దానికి రెట్టింపు, మూడింతలు. 780 క్లాక్‌లంటే 7.8 మైక్రోసెకన్లు, డీడీఆర్3 మామూలు ఉష్ణోగ్రతలో సగటున అంత వ్యవధికి ఒకసారి రిఫ్రెష్ చేసుకోవాలి. మాట వచ్చిన క్షణానికి రిఫ్రెష్ తగిలితేనే ఆలస్యం కనిపిస్తుంది, తగలకపోతే లేదు, అందుకే ఆ గుణిజాలు. ఎనలైజర్ మెమరీ కంట్రోలర్ సిగ్నళ్లని తాకనేలేదు, అయినా దాని గుండె చప్పుడు నా కౌంటర్ కాలమ్‌లో వినిపించింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

బిగుసుకుపోయే ముందు చివరి మాట ఎప్పుడూ 200 క్లాక్‌లు దాటిన పెద్ద ఖాళీ పక్కనే ఉంది. అంతకుమించి ఏమీ కనిపించలేదు, ఎందుకంటే తప్పు జరిగిన క్లాక్‌లో డేటా చేతులు మారనేలేదు, అలా మారని క్లాక్‌ని దాచొద్దని చెప్పింది మనమే. దాంతో దాచే షరతుని డిజైన్‌లోకే తెచ్చుకున్నా. డేటా చేతులు మారినా, వ్యాలిడ్ ఉండి రెడీ కోసం ఆగడం మొదలైనా, ఆగి ఉండగా వ్యాలిడ్ మధ్యలో పడిపోయినా ఒకటయ్యే ఒక్క బిట్ సిగ్నల్. ఈ వ్యాలిడ్, రెడీ పద్ధతిని నిర్దేశించే ఏఎక్స్ఐ స్ట్రీమ్ నియమం ప్రకారం వ్యాలిడ్ ఒకసారి పైకి లేచాక రెడీ వచ్చేదాకా దిగకూడదు కదా, కాబట్టి మూడోది జరిగితే దొంగ దొరికినట్టే. ఆ పతనాన్ని పట్టుకోవాలంటే ముందు క్లాక్ విలువ గుర్తుండాలి. దాన్ని విడిగా చూపే ఫ్లాగ్‌ని రిజిస్టర్‌లో పెట్టి పంపితే ఒక క్లాక్ ఆలస్యంగా వస్తుంది, మిగతా ప్రోబ్‌లని కూడా అంతే ఆలస్యం చేస్తేనే వరస కుదురుతుంది. ట్రిగ్గర్ ఆ ఫ్లాగ్ మీద పెట్టి, ట్రిగ్గర్ స్థానాన్ని బాగా చివరికి జరిపి, జరిగిపోయిన చరిత్రంతా దక్కేలా చూసుకుని రాత్రికి వదిలేశా.

పొద్దున్నే వచ్చి చూస్తే ట్రిగ్గర్ పడి ఉంది. చివరి బదిలీ తర్వాత 249 క్లాక్‌లకి ఆగడం మొదలైంది, 256 దగ్గర వ్యాలిడ్ పడిపోయింది. ఆ 256 చూడగానే సగం అర్థమైంది. ప్యాకెట్ కట్టే బ్లాక్‌లో ఒక టైమర్ ఉంది, 256 క్లాక్‌ల పాటు ఏ మాటా పోకపోతే ప్యాకెట్ మూసేస్తుంది. అది డేటా బయటికి పోయినప్పుడే సున్నా అవుతుంది తప్ప, కొత్త మాట వచ్చి గుమ్మం దగ్గర నిలబడినప్పుడు కాదు. సెన్సర్ వైపు ఖాళీ సరిగ్గా అంత పెద్దదై, టైమర్ ముగిసే లోపు ఆఖరి కొన్ని క్లాక్‌లలో మాట వచ్చి, అదే క్షణంలో రిఫ్రెష్ రెడీని దించితే, నిలబడి ఉన్న మాటని చెరిపేసి ప్యాకెట్ మూసేస్తుంది. ఒక మాట తక్కువైంది, అవతలి లెక్క ఎప్పటికీ పూర్తవదు. ఇన్ని కలిస్తే గానీ రాని తప్పు సిమ్యులేషన్‌లో ఎలా వస్తుంది? మెమరీకి మేం పెట్టిన నమూనాలో రిఫ్రెష్ లేనే లేదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సర్దుబాట్లు కూడా చెప్పాలి. క్యాప్చర్ కంట్రోల్ కావాలో వద్దో కంపైల్‌కి ముందే చెప్పాలి, తర్వాత షరతు మార్చుకోవచ్చు గానీ సదుపాయాన్నే తెచ్చుకోలేం. అందుకని నేను ప్రతి కోర్‌కీ అది పెట్టే వదులుతా. పైన చెప్పిన కౌంటర్, డేటా, కంట్రోల్ బిట్లు కలిపితే 90 బిట్ల దాకా అయ్యాయి, 8192 లోతుకి 36 కిలోబిట్ల బ్లాక్ ర్యామ్‌లు ఇరవై పైనే పోయాయి. అదనపు ఖర్చు లేదని ముందు అన్నాను కదా, కౌంటర్ లేకుండా అయితే ఆ మాట నిజం. కౌంటర్ లేకపోతే మాత్రం ఆ 780 నాకు కనిపించేదే కాదు.

రెండు క్లాక్‌ల మధ్య దాటే సిగ్నళ్ల విషయంలో దీని మీద నాకు అంత నమ్మకం లేదు. ఎనలైజర్ ఒకే క్లాక్ మీద చూస్తుంది, అవతలి క్లాక్‌లో మారే బస్‌ని (కలిసి సాగే సిగ్నళ్ల కట్టని) అది సగం పాత, సగం కొత్త విలువలతో పట్టుకుని లేని తప్పు చూపించగలదు. ఒక క్లాక్ లోపల వచ్చి పోయే గ్లిచ్ దానికి కనపడదు. పైగా కోర్‌ని పెట్టగానే ప్లేస్‌మెంట్ (చిప్ మీద సర్క్యూట్ భాగాల అమరిక) మారుతుంది, దాంతో బగ్ మాయమైపోయిన సందర్భాలు నాకూ ఎదురయ్యాయి. అప్పుడు తల ప్రాణం తోకకొస్తుంది. ప్రోబ్‌లకి ఒకటి రెండు పైప్‌లైన్ దశలు పెడితే టైమింగ్ మీద భారం తగ్గుతుంది, అయినా మారిన ప్లేస్‌మెంట్ వెనక్కి రాదు. అలా బగ్ మాయమైతే నేను వేవ్‌ఫామ్ చూడటం ఆపేసి క్లాక్ దాటే చోట్ల రిపోర్టు తీస్తా.

సిగ్నల్ పేర్ల సంగతి అందరికీ తెలిసిందే, మార్క్‌డీబగ్ (ఈ సిగ్నల్‌ని ఉంచమని టూల్‌కి చెప్పే గుర్తు) పెట్టకపోతే సింథసిస్ (కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే దశ) తర్వాత కావాల్సిన సిగ్నలే ఉండకపోవచ్చు. ఐఎల్‌ఏకి ఎప్పుడూ ఆగని క్లాక్ ఇవ్వండి, ఆగిపోయే క్లాక్ ఇస్తే అది ఆగినప్పుడు టూల్‌కి కోర్ కనిపించకపోవచ్చు.

కొనాలా వద్దా అనే ప్రశ్న దీనికి లేదు, టూల్‌తోనే వస్తుంది. దీని మీద ఎంత ఆధారపడొచ్చు అన్నదే ప్రశ్న. నా చిప్ సగం ఖాళీ, కంపైల్ అరగంటలోపు అయిపోతుంది, డేటా నిదానంగా వస్తుంది, అందుకే నాకు ఇంత బాగా పనికొచ్చింది. మీ బస్ ప్రతి క్లాక్‌కీ నిండుగా నడిచేదైతే దాచే షరతు వల్ల మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, అప్పుడు ప్యాకెట్ మొదటి మాటని మాత్రమే దాచడం లాంటివి ఆలోచించుకోవాలి. కంపైల్‌కి సగం రోజు పట్టే డిజైన్ అయితే ఒక ప్రోబ్ మరిచిపోయినా ఆ రోజు పోయినట్టే. అలాంటి చోట, బ్లాక్ ర్యామ్ కూడా నిండిపోయి ఉంటే, నేనైతే బోర్డు మీద మిగిలిన పిన్నులకి ఆ ఒక్క బిట్ ఫ్లాగ్‌నీ రెండు మూడు సిగ్నళ్లనీ తెచ్చి బయటి ఎనలైజర్‌తోనే చూసుకుంటా.