‘ఏ వానలో అయినా తీసుకోండి’ అని అమ్మిన లెన్స్ తొలివానకే పోయింది, జాగ్రత్త

సెకండ్ హ్యాండ్‌లో వైడ్ లెన్స్ వెతుకుతున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు పంపండి. అమ్మిన వ్యక్తి పేరు రాయడం లేదు. పాత లెన్స్‌లు కొనేవాళ్లలో చాలామందికి ఈపాటికే ఎవరో అర్థమై ఉంటుంది. ప్రతి ప్రకటన కిందా ‘వెదర్ సీల్డ్ (అంటే వాన, దుమ్ము లోపలికి పోకుండా సందుల్లో రబ్బర్ సీల్స్ ఉన్నది), టెన్షన్ వద్దు’ అని రాసేది ఆయనే. మూడు రాత్రులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. ఒక చెరువు, గట్టు మీద ఒంటరి చెట్టు, వెనక కొండ. ఈ ఒక్క దృశ్యాన్నే ఏడాది పొడుగునా ఒకే చోట నిలబడి తీస్తున్నాను. ట్రైపాడ్ కాళ్లు తప్పిపోకుండా మూడు రాళ్లు పాతిపెట్టుకున్నాను. చలికాలంలో పొగమంచు కోసం ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి స్తంభిస్తేనే అది బాగా పడుతుంది, ఎండ ఎక్కగానే కరిగిపోతుంది. ఎండాకాలంలో పొద్దెక్కితే నేల వేడికి గాలి అల్లాడి కొండ అంచు ముద్దగా వస్తుంది, కాబట్టి అప్పుడూ తెల్లవారుజామునే. అవన్నీ దొరికాయి. మిగిలింది తొలివాన ఒక్కటే. నెర్రెలిచ్చిన చెరువు మీద మొదటి వాన పడే ఫోటో లేకపోతే ఈ వరస పూర్తికాదు. నా పాత లెన్స్‌కి సీలింగ్ లేదు, అందుకే ఇది కొన్నాను.

ఇదంతా ఆయనకి ముందే చెప్పాను. “వానలో చాలాసేపు నిలబడి తీస్తాను, మౌంట్ దగ్గర రబ్బర్ బాగుందా?” అని అడిగాను. మౌంట్ అంటే లెన్స్‌ని కెమెరాకి తగిలించే చోటు. “బ్రదర్, మీరు కళ్లు మూసుకుని తీసుకోండి. సీల్స్ అన్నీ ఒరిజినల్. ఏ వానలో అయినా తీసుకోండి, బాధ్యత నాది” అని రాశాడు. 12 ఫోటోలు పంపాడు. నేను డబ్బు పంపేశాను. లెన్స్ వచ్చిన రోజు టార్చ్ వేసి గాజులు చూశాను. సాలెగూడులా అల్లుకునే ఫంగస్ లేదు, గీతలు లేవు. వెనక్కి తిప్పి మౌంట్ చుట్టూ వేలు పెట్టి మాత్రం చూడలేదు. అర నిమిషం పని అది. ఎందుకు చూడలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

తొలివాన సాయంత్రం పూట వచ్చింది. కొండ వెనక నుంచి నల్లటి మబ్బు లేచింది, దాని కింది అంచున సన్నటి వెలుగు గీత. ముందు గాలి, దుమ్ము. తర్వాత పెద్ద పెద్ద చినుకులు. నెలల తరబడి ఆకుల మీద పేరుకున్న దుమ్ము కడుక్కుపోయి, చూస్తుండగానే చెట్టు పచ్చబడింది. తడి ఆకుల మీది తళుకు తగ్గించడానికి పోలరైజర్ తిప్పుతూ, ముందు గాజు తుడుచుకుంటూ 40 నిమిషాలు తీశాను. ఎప్పటి ఫ్రేమ్ అయిపోయాక జూమ్ చేసి నెర్రెల్లో నీళ్లు దిగడం కూడా తీశాను. స్క్రీన్ మీద బొమ్మ కాస్త పాలిపోయినట్టే ఉంది. వాన తెర అనుకున్నాను. దూరపు కొండని వాన కూడా అలాగే తెల్లబరుస్తుంది కదా! ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూస్తే, కాళ్ల ముందున్న రాయి కూడా కొండలాగే మసగ్గా ఉంది. అప్పుడు గుండె జారింది. లెన్స్‌ని దీపానికి ఎదురుగా పట్టుకుంటే లోపలి గాజుల మధ్య ఆవిరి, ఒక మూల నీటిబొట్టు. ఒక్క ఫ్రేమ్ కూడా మిగల్లేదు.

మర్నాడు రిపేర్ చేసేచోట ఇస్తే రెండు నిమిషాల్లో తేల్చేశారు. మౌంట్ చుట్టూ ఉండాల్సిన సన్నటి రబ్బర్ రింగ్ అసలు లేదు. అక్కడి స్క్రూల తలలు అరిగి ఉన్నాయి, అంటే ఎవరో అంతకుముందే విప్పి మళ్లీ బిగించారు. ఇది జూమ్ తిప్పితే బయటికి సాగే రకం. సాగిన ప్రతిసారీ గాలిని లోపలికి లాగుతుంది. రబ్బర్ లేని సందులోంచి ఆ గాలితోపాటు తడి కూడా పోయింది. కెమెరా బతికింది, అదొక్కటే అదృష్టం.

ఆయనకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. లోపలి ఆవిరి ఫోటో, మౌంట్ ఫోటో పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది: “వానలో తడపమని నేను చెప్పానా?”

చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. ఆయన రాసిన వాక్యాన్నే స్క్రీన్‌షాట్ తీసి పంపాను, ‘ఏ వానలో అయినా తీసుకోండి’ అన్నది. దానికి “వెదర్ సీల్డ్ అన్నాను, వాటర్‌ప్రూఫ్ అనలేదు” అన్నాడు. సరే, రబ్బర్ రింగ్ సంగతేంటని అడిగాను. దానికి జవాబు లేదు. ఏడాది పని పోయిందండీ, తొలివాన మళ్లీ రాదండీ అని రాశాను. అప్పుడు వచ్చిన మాట ఇది: “చెట్టు ఎక్కడికీ పోదుగా, వచ్చే ఏడాది తీసుకో.” ఆ వెంటనే నన్ను బ్లాక్ చేశాడు.

డబ్బు పంపేదాకా ‘మీరు’, ‘బ్రదర్’. ఇప్పుడు ‘తీసుకో’. డబ్బు పోవడం కన్నా ఈ మాటే ఎక్కువ మండుతోంది. చెట్టు ఉంటుంది, నిజమే. కానీ ఈ ఏడాది ఎండకి దాని దక్షిణం వైపు కొమ్మ ఎండిపోయింది. ఆ ఎండిన కొమ్మ మీద తొలివాన పడటమే నేను తీయాల్సిన ఫోటో. వచ్చే ఏటికి ఆ కొమ్మ ఉంటుందా? చలికాలపు మంచు, ఎండాకాలపు నెర్రెలు, ఈ వాన, అన్నీ ఒకే ఏడాదివి. వేరే ఏడాది వాన తెచ్చి మధ్యలో అతికిస్తే చూసేవాళ్లకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు.

వెదర్ సీల్డ్ అంటే వాటర్‌ప్రూఫ్ కాదన్న మాట మాత్రం నిజం, అది ఒప్పుకుంటాను. ‘వెదర్ సీల్డ్’ అన్న మాటకి అందరూ పాటించే కొలత అంటూ లేదు. నీటిని, దుమ్మును ఎంత ఆపుతుందో చెప్పే ఐపీ రేటింగ్‌కి ఐఈసీ 60529 అనే ప్రమాణం ఉంది, కానీ ఎక్కువ కెమెరాలకి, లెన్స్‌లకి ఆ రేటింగే ఇవ్వరు. 2022లో వచ్చిన ఓఎం సిస్టమ్ ఓఎం-1 కెమెరాకి ఐపీ53 ఇచ్చారు, అదీ తగిన సీలింగ్ ఉన్న లెన్స్ తగిలించినప్పుడే. కానన్ 17-40 ఎల్ లాంటి లెన్స్‌లకి ముందు ఫిల్టర్ బిగిస్తేనే సీలింగ్ పూర్తవుతుంది. ఇవన్నీ తెలిసే, కవర్ వేసే తీశాను. నా గొడవ వాటర్‌ప్రూఫ్ గురించి కాదు. లేని రబ్బర్‌ని ‘ఒరిజినల్’ అని చెప్పి అమ్మాడు, అదీ సూటిగా అడిగిన తర్వాత.

కొనేవాళ్లు మౌంట్ వైపు నుంచి దగ్గరగా తీసిన ఫోటో అడగండి, రబ్బర్ రింగ్, స్క్రూల తలలు కనపడాలి. చేతికొచ్చాక ముఖ్యమైన రోజుకి ముందే ఒక చిన్న జల్లులో పరీక్షించండి. లోపల ఆవిరి కనిపిస్తే హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి, కెమెరా బ్యాటరీ తీసేసి, లెన్స్‌ని తడి పీల్చే సిలికా జెల్‌తో డబ్బాలో మూసి ఉంచి రిపేర్‌కి ఇవ్వండి.

ఇది రాసేముందు ఆయన పంపిన 12 ఫోటోలు మళ్లీ తెరిచి చూశాను. ముందు నుంచి, పక్క నుంచి, హుడ్‌తో, హుడ్ లేకుండా. మౌంట్ వైపు నుంచి ఒక్కటీ లేదు. నిన్న సాయంత్రం ఇంకో లెన్స్ అమ్మకానికి పెట్టాడు, ‘ఏ వానలో అయినా తీసుకోండి’ అనే రాశాడు. ఆ ఫోటోల్లోనూ మౌంట్ లేదు.