గణితంలో సింగ్యులారిటీ, భౌతికశాస్త్రంలో సింగ్యులారిటీ
సింగ్యులారిటీని ‘ఏకత్వం’ అని తెలుగు చేస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ ఆంగ్ల పదానికి ఒక్కటే కావడంతో పాటు అసాధారణమనే అర్థమూ ఉంది. శాస్త్రానికి పనికొచ్చేది ఈ రెండోదే.

గణితంలో చిక్కు లేదు. లెక్క చెడిపోయే బిందువే సింగ్యులారిటీ. 1/x ప్రమేయానికి సున్న దగ్గర విలువ లేదు. అక్కడికి చేరువయ్యేకొద్దీ దాని పరిమాణం హద్దు లేకుండా పెరుగుతుంది. అంతే.

భౌతికశాస్త్రంలో అలా సరిపెట్టుకోలేం. గురుత్వాకర్షణను వివరించే ఐన్‌స్టీన్ సమీకరణాలకు 1916లో జర్మన్ శాస్త్రవేత్త ష్వార్జ్‌షీల్డ్ ప్రచురించిన సాధనలో రెండు చోట్ల లెక్క చెడుతుంది. సూర్యుడంత ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలమైతే, ఒకటి సుమారు 3 కిలోమీటర్ల వ్యాసార్ధం దగ్గర, మరొకటి కేంద్రంలో. మొదటిది మనం ఎంచుకున్న నిరూపకాల (స్థానాన్ని గుర్తించే అంకెల) లోపమేనని 1933లో బెల్జియం శాస్త్రవేత్త లెమైత్ర్ చూపాడు. ఉత్తర ధ్రువం దగ్గర రేఖాంశాలన్నీ కలిసిపోయినా అక్కడ నేల చిరిగిపోదు కదా! కేంద్రంలోనిది మాత్రం నిరూపకాలు ఎలా మార్చినా పోదు. అక్కడ స్థలకాల వక్రతే, అంటే స్థలమూ కాలమూ కలిసిన అల్లిక వంపే, అనంతమవుతుంది.

కుప్పకూలే నక్షత్రం సంపూర్ణ గోళం కాకపోయినా, కాంతి తప్పించుకోలేని స్థితి ఏర్పడ్డాక సింగ్యులారిటీ తప్పదని 1965లో బ్రిటిష్ శాస్త్రవేత్త పెన్‌రోజ్ నిరూపించాడు. ఆ నిరూపణలో నాకు నచ్చేది ఒకటుంది. అది అనంతాన్ని లెక్కగట్టదు, కాంతి మార్గం ముందుకు సాగకుండా ముగిసిపోతుందని మాత్రమే చెబుతుంది.