ఎర్రగద్దల లెక్క రాసేవారి వెంట: వేల్స్, డెర్వెంట్ లోయ, గాలొవే

బ్రిటన్‌లో రెడ్ కైట్‌ను, అంటే ఎర్రగద్దను చూడటానికి ఇప్పుడు ప్రత్యేకంగా ప్రయాణం కట్టనక్కర లేదు. మేముండే రెడింగ్‌లో పెరట్లో బట్టలు ఆరేస్తూ తలెత్తినా ఒకటి రెండు కనిపిస్తాయి. చీలిన తోక, దాదాపు రెండు మీటర్లు పరుచుకునే రెక్కలు, రెక్క కింద తెల్లటి మచ్చ. ఒకసారి గుర్తుపట్టినవారు మళ్లీ పొరపడరు. అయినా ఫిబ్రవరి బడి సెలవుల్లో మావారు, మా అబ్బాయి, నేను కారు వేసుకుని మధ్య వేల్స్, ఇంగ్లండ్ ఈశాన్యం, స్కాట్లండ్ నైరుతి చుట్టి వచ్చాం. అంతరించిపోయిన పక్షిని వెనక్కి తెచ్చాక దానికి ఏమవుతున్నదో ఏడాదికేడాది లెక్క రాసి పెట్టేవారు ఉంటారని తెలిసి, వారి పని దగ్గరగా చూడాలనిపించింది.

ముందు కొంచెం చరిత్ర. పూర్వం లండన్ వీధుల్లో చెత్త, మాంసం ముక్కలు ఏరుకుతిని బతికిన పక్షి ఇది. మన హైదరాబాద్‌లో మాంసం దుకాణాల పైన తిరిగే నల్లగద్దలకు దగ్గరి చుట్టం. ట్యూడర్ రాజుల కాలంలో, అంటే పదహారో శతాబ్దంలో, దీన్ని పంటలకూ కోళ్లకూ శత్రువుగా ఎంచి, చంపి తెచ్చినవారికి డబ్బు ఇచ్చేలా చట్టం చేశారు. తరువాత వేట ఎస్టేట్ల కాపలాదారుల విషం, ఉచ్చులు తోడయ్యాయి. 1870ల చివరికి ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో ఒక్క జత కూడా మిగలలేదు. మధ్య వేల్స్ కొండల్లో మాత్రం కొన్ని జతలు బతికాయి. 1903లో అక్కడ కొందరు సంఘంగా ఏర్పడి, గుడ్లు ఎత్తుకుపోయేవారి నుంచి గూళ్లకు కాపలా కాయడం మొదలుపెట్టారు. ఆ తరువాత చాలా దశాబ్దాల పాటు ఈ దేశంలో ఎర్రగద్ద అన్నది ఉన్నదంటే వారి వల్లనే.

1989లో పునఃప్రవేశ కార్యక్రమం, అంటే పక్షి అంతరించిన చోట దాన్ని తెచ్చి మళ్లీ వదిలే పని, మొదలైంది. ఇంగ్లండ్‌లోని చిల్టర్న్ కొండల్లో 1994 దాకా దాదాపు 90 పక్షుల్ని వదిలారు. వాటిలో చాలావరకు స్పెయిన్ నుంచి వచ్చినవే. స్కాట్లండ్ ఉత్తరాన బ్లాక్ ఐల్‌కు స్వీడన్ పక్షులు వచ్చాయి. గూటి నుంచి పిల్లల్ని తీసుకుని, అడవిలో కట్టిన పెద్ద పంజరాల్లో మనిషి కంటపడకుండా కొన్ని వారాలు మేపి, ఎగిరే వయసు రాగానే వదిలేయడం వారి పద్ధతి. మా రెడింగ్ గద్దలన్నీ ఆ చిల్టర్న్ పక్షుల సంతానమే.

మొదట వేల్స్‌లోని రైయడర్ వెళ్లాం. ఆ ఊరి పక్కనున్న గిగ్రిన్ ఫార్మ్‌లో రోజూ ఒకే వేళకు గద్దలకు మాంసం వేస్తారు. చలికాలం గడియారం ప్రకారం మధ్యాహ్నం రెండింటికి, వేసవిలో మూడింటికి. ట్రాక్టరు పొలంలోకి రాగానే ముందు కాకులు దిగాయి, వెనక బజర్డులు అనే డేగలు. గద్దలు తొందరపడలేదు. ఆకాశంలో వందల కొద్దీ గుమిగూడి, ఒక్కొక్కటే రెక్కలు ముడిచి కిందికి జారి, నేల మీద కాలు మోపకుండా ముక్క లాక్కుని పైకి లేచి, గాలిలోనే తింటాయి. వాటిలో రంగు లేని తెల్లగద్ద కూడా ఒకటి కనిపించింది. మా అబ్బాయి నోరు తెరిచి నిలబడిపోయాడు. చూడటానికి చెక్క గదులు కట్టారు. ఫొటోలు తీసేవారికి వేరే గదులు, వాటి రుసుము ఎక్కువ. మామూలు టికెట్టుకే కావలసినంత కనిపిస్తుంది కాబట్టి పెద్ద కెమెరా లేనివారు ఆ ఖర్చు పెట్టనక్కర లేదు. తెరిచి ఉంచే రోజులు మారుతుంటాయి. ముందే చూసుకుని, టికెట్టు తీసుకునే వెళ్లండి.

గిగ్రిన్ నాకు నచ్చింది, కానీ అది విందు చూసినట్టే. ఏ పక్షి ఎక్కడిది, ఎక్కడికి పోతుంది, ఈ ఏడు గూడు కట్టిందా అన్నది ఆ గంటలో తెలియదు. చిన్నపిల్లలు, పెద్దవారు తోడుంటే మాత్రం ముందుగా ఇక్కడికే రమ్మంటాను. నడక లేదు, నిరీక్షణ లేదు, పక్షి తప్పక కనిపిస్తుంది. ఖర్చు తగ్గించుకోవాలంటే అబెరిస్ట్‌విత్ వైపు, ఏ44 రోడ్డు మీద బుల్ఖ్ నాంట్ ఇర్ అరియన్ అనే అటవీ కేంద్రం ఉంది. అక్కడ చెరువు గట్టున మేత వేస్తారు, కారు నిలిపినందుకు తప్ప ప్రవేశ రుసుము లేదు.

రైయడర్‌లో బస ఒక పబ్బు పైన గది. పరుపు బాగుంది, వేన్నీళ్లు బాగున్నాయి, కిటికీ తెరిస్తే ఏటి చప్పుడు. వంటశాల మాత్రం ఆదివారం సాయంత్రం తెరవరట. ఆ మాట గది తీసుకున్నప్పుడు చెప్పలేదు. మేం పులిహోర, పెరుగు వెంట తీసుకెళ్లాం కాబట్టి గడిచింది. వేల్స్ చిన్న ఊళ్లలో ఆదివారం రాత్రి భోజనం దొరుకుతుందన్న నమ్మకంతో ఎవరూ వెళ్లకండి.

ఇక డెర్వెంట్ లోయ. ఈ ప్రయాణంలో నా మనసు నిలిచిపోయినది అక్కడే.

న్యూకాజిల్‌కు టైన్ నది ఆవల గేట్స్‌హెడ్. అక్కడి పెద్ద షాపింగ్ కేంద్రం మెట్రోసెంటర్ నుంచి కాస్త దూరం పోగానే చెట్ల లోయ మొదలవుతుంది. ఒకప్పుడు ఇదంతా బొగ్గు, ఇనుము. వింలేటన్ మిల్ దగ్గర 1986 దాకా కోక్ ఫ్యాక్టరీ పొగ చిమ్మింది. ఆ స్థలం ఇప్పుడు ఉద్యానం. పాత రైలు దారి డెర్వెంట్ వాక్ అనే నడకబాటగా మారింది. 2004 నుంచి 2006 వరకు నార్తర్న్ కైట్స్ అనే కార్యక్రమం కింద చిల్టర్న్ నుంచి తెచ్చిన 94 పక్షుల్ని ఇక్కడ వదిలారు. ఇంత జనావాసానికి ఆనుకుని వీటిని వదలడం అప్పటికి కొత్త. 2006లోనే ఒక జత పిల్లను పెంచింది. ఆ ప్రాంతంలో దాదాపు 170 ఏళ్ల తరువాత పుట్టిన ఎర్రగద్ద పిల్ల అది. బస్సు కంపెనీ ఈ మార్గంలోని సర్వీసులకు రెడ్ కైట్ అని పేరు పెట్టింది కూడా.

కార్యక్రమం నిధులు ముగిశాక, 2009లో స్థానికులు ఫ్రెండ్స్ ఆఫ్ రెడ్ కైట్స్ అనే సంఘంగా ఏర్పడి గమనింపు పని తమ భుజాన వేసుకున్నారు. జీతం లేదు. మేం ముందుగా ఈమెయిలు రాసి అడిగితే ఇద్దరు సభ్యులు మాతో నడవడానికి ఒప్పుకున్నారు. ఒకావిడ బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నారు, రెండో ఆయన ఒకప్పుడు బస్సు నడిపేవారట. పేర్లు రాయను.

వారికి ఏడాది పని ఫిబ్రవరి చివరలో మొదలవుతుంది. జతలు అడవి అంచుల మీద తిరుగుతూ గాలిలో ఒకదాని వెంట ఒకటి పల్టీలు కొట్టే రోజులు. ఒక్కొక్కరికీ లోయలో కొంత భాగం అప్పగిస్తారు. గద్ద కాళ్లలో పుల్ల ఉందా, ఏ చెట్ల గుంపులోకి దిగింది, ఎంతసేపు ఉంది, అన్నీ రాస్తారు. ఏప్రిల్‌లో గుడ్లు పెడుతుంది. సాధారణంగా రెండు. నెల రోజులు పొదుగుతుంది. పిల్ల గూడు వదలడానికి మరో ఏడు వారాలు. జూన్‌లో, అనుమతి ఉన్నవారు చెట్టెక్కి కొన్ని గూళ్లలోని పిల్లలకు కాలి ఉంగరాలు వేస్తారు. పునఃప్రవేశం తొలి ఏళ్లలో రెక్కలకు రంగు బిళ్లలు కూడా తగిలించేవారు. ఎడమ రెక్క రంగు ప్రాంతాన్ని, కుడి రెక్క రంగు పుట్టిన ఏడును చెబుతాయి. ఇక గూటి లోపల ఏముంటుందో ఆవిడ చెబితే మా అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఈ పక్షికి గుడ్డపేలికల పిచ్చి. చేతి తొడుగులు, సాక్సులు, పిల్లల బొమ్మలు, ఎవరి దండెం మీదివో లోదుస్తులు, అన్నీ గూటికి చేరతాయి.

గూళ్లు ఎక్కడున్నాయో మాకు చూపించలేదు. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం గూడు కట్టిన ఎర్రగద్దను కావాలని కదిలించడం నేరం. పైగా గూటి చోటు బయటికి పొక్కితే చెడ్డ చేతుల్లో పడుతుందన్న భయం. చూపించమని పట్టుబట్టవద్దు. అడిగినా వారు చెప్పరు, చెప్పకూడదు కూడా.

సాయంత్రం మమ్మల్ని రాత్రి మజిలీ లెక్కకు తీసుకెళ్లారు. చలికాలంలో ఈ గద్దలు ఒకే తోపులో గుంపుగా పడుకుంటాయి. పొద్దు వాలడానికి గంట ముందు కార్యకర్తలు మూడు నాలుగు చోట్ల నిలబడి, వచ్చే ప్రతి పక్షికీ సమయం, దిక్కు రాసుకుంటారు. ఒకే పక్షిని ఇద్దరూ లెక్కించకుండా ఫోనులో మాట్లాడుకుంటూ ఉంటారు. చలి ఎముకలు కొరుకుతున్నది. బురద చీలమండ దాటింది. గద్దలు ఒకటొకటిగా వచ్చి తోపు మీద చుట్టు తిరిగాయి, దిగాయి, మళ్లీ అన్నీ కలిసి లేచాయి. అప్పుడు లెక్క మొదటికి వస్తుంది. చీకటి పడ్డాక పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరి అంకెకూ మరొకరి అంకెకూ రెండు తేడా. తక్కువ అంకెనే రాశారు. ఎందుకని అడిగితే, రెండు పక్షుల్ని ఎక్కువ రాసుకోవడం సులువు, వచ్చే ఏడు అవి లేకపోతే చచ్చిపోయాయో అసలు లేనే లేవో తేల్చడం కష్టం అన్నారాయన. ఈ ప్రయాణంలో నేను విన్న అతి విలువైన మాట ఇదే అనుకుంటాను.

ఇంత జాగ్రత్త ఇక్కడే ఎందుకంటే, చిల్టర్న్ గద్దల్లా ఇవి విస్తరించలేదు. పుట్టిన చోటికి దగ్గరలోనే గూడు కట్టే అలవాటు ఈ పక్షిది. పశ్చిమాన ఉన్న మంచి కొండ నేలలకు ఇన్నేళ్లకూ గట్టిగా పాకలేదు. ఈశాన్యంలో తుపాకీతో కాల్చినవి, విషం తిన్నవి దొరుకుతూనే ఉన్నాయి. కావాలని పెట్టిన విషం ఒకటైతే, ఎలుకల మందు తిని చచ్చిన ఎలుకను తిని కొన్ని పోతాయి. మా వైపు ఇంటికొక గద్ద తిరుగుతుంటే ఒకటి తగ్గినా ఎవరికీ తెలియదు. ఇక్కడ ఒక్క జత కనిపించకపోతే ఆ వారంలోనే ఎవరో ఒకరు గమనిస్తారు.

మా దేశం సంగతి అడిగారు. నేను రాబందుల గురించి చెప్పాను. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల దేశమంతా కోట్లలో ఉన్నవి కుప్పకూలాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. తెలంగాణలో బెజ్జూరు అడవి పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు బయటపడ్డాయి. ఆవిడ పాలరాపు అనే పేరు రెండుసార్లు పలికించుకుని తన పుస్తకంలో రాసుకున్నారు.

బస విషయం. మేం మెట్రోసెంటర్ దగ్గర ఒక చౌక గొలుసు హోటల్లో దిగాం. రాత్రికి ఎనభై పౌండ్ల లోపు, కారుకు చోటుంది, గది శుభ్రం. కానీ కిటికీ అవతల హైవే, తెల్లవారుజామునే లారీల రొద. న్యూకాజిల్ నగరంలో దిగితే దోసె, ఇడ్లీ, భారతీయ సరుకుల దుకాణాలు అందుబాటులో ఉంటాయి, బస్సులో లోయకు రావచ్చు, టికెట్టు మూడు పౌండ్లు దాటదు. పక్షుల కోసమే వచ్చేవారు మాత్రం రోలండ్స్ గిల్ ఊళ్లో గది వెతుక్కోవడం మేలు. అక్కడి నుంచి నడిచి పాత రైలు వంతెన చేరవచ్చు. దాన్ని నైన్ ఆర్చెస్ అంటారు, 1867 నాటిది. దాని మీద నిలబడితే గద్దలు మన కన్నుల ఎత్తులో ఎగురుతాయి. పై నుంచి ఆ ఇటుకరంగు వీపు చూడటం మరెక్కడా కుదరలేదు. పక్కనే, చారిత్రక స్థలాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ వారి గిబ్‌సైడ్ ఎస్టేటు ఉంది. దానికి టికెట్టు కాస్త భారమే. సభ్యత్వం లేనివారు బాట మీద నడిచినా చాలు.

ఆఖరున స్కాట్లండ్ నైరుతిలోని గాలొవే. డంఫ్రీస్ దాటాక లోఖ్ కెన్ సరస్సు చుట్టూ గాలొవే కైట్ ట్రెయిల్ అని దారి గుర్తులు పెట్టారు. ఇక్కడ 2001 నుంచి 2005 మధ్య పక్షుల్ని వదిలారు. లారిస్టన్ దగ్గర బెల్లీమాక్ హిల్ ఫార్మ్‌లో మధ్యాహ్నం రెండింటికి మేత వేస్తారు. గిగ్రిన్ కంటే చిన్నది, జనం తక్కువ, మాతో మాట్లాడే తీరిక అక్కడివారికి ఉంది. కారు లేకపోతే ఈ ప్రాంతం దండగ. బస్సులు తక్కువ, చివరి బస్సు తొందరగా పోతుంది. మేం ఒక పొలంలోని కుటీరం అద్దెకు తీసుకున్నాం. వంటగది, కట్టెల పొయ్యి ఉన్నాయి. చారు పెట్టుకుని, అప్పడాలు వేయించుకుని తిన్నాం. బస ఒక్కటే చూస్తే అన్నిటిలో ఇదే మేలు.

స్కాట్లండ్ ఉత్తరాన బ్లాక్ ఐల్‌కు వెళ్లాలని మావారికి ఉండేది, దూరమై మానేశాం. 2014 వసంతంలో అక్కడ కానన్ బ్రిడ్జ్ దగ్గర 16 ఎర్రగద్దలు, 6 బజర్డులు చచ్చి దొరికాయి. చాలావాటి ఒంట్లో విషం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. చిల్టర్న్‌తో పాటే, దాదాపు అన్నే పక్షులతో మొదలైనా అక్కడి సంఖ్య చాలా నెమ్మదిగా పెరగడానికి ఇటువంటి హత్యలే కారణం. మరోవైపు, ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్ గూళ్ల నుంచి 2022లో పిల్లల్ని స్పెయిన్‌లోని ఎక్స్‌ట్రెమదూరాకు పంపడం మొదలుపెట్టారు. ఇచ్చిన దేశంలోనే ఇప్పుడు పక్షి తగ్గిపోయింది. తీసుకున్న దేశం తిరిగి ఇస్తున్నది. ఈ కబురు డెర్వెంట్ లోయలో చెబుతున్నప్పుడు ఆ బస్సు డ్రైవరు గారి ముఖం వెలిగిపోయింది.

న్యూకాజిల్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఎందరో ఉన్నారు. వారాంతంలో ఒక పూట కేటాయించగలిగితే ఈ సంఘానికి రాయండి. పక్షుల గురించి ముందే తెలిసి ఉండనక్కర లేదు, చలికి నిలబడగలిగే బూట్లు, మామూలు బైనాక్యులర్లు, ఒక పుస్తకం చాలు. లెక్క పెట్టే కళ్లు వారికి ఎప్పుడూ తక్కువే. మేం జులైలో, పిల్లలు గూళ్లు వదిలే రోజుల్లో మళ్లీ వెళ్తాం. ఈసారి గది రోలండ్స్ గిల్‌లోనే.